హోర్ముజ్ లోపలా, బయటా: సొంతంగా అరటి ఎగుమతి చేయాలనుకునేవాళ్లకు

2025 జూన్‌లో పుట్లూరు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, తోట కటింగ్‌కి వచ్చింది. వ్యాపారి మొన్న ఒక రేటు ఒప్పుకున్నాడు, ఈ పొద్దు టన్నుకు మూడు వేలు తగ్గించి అడుగుతున్నాడు. వానా లేదు, గాలీ లేదు, కాయకు మచ్చా లేదు. ఏమైంది?"

టీవీ పెట్టుకోమన్నా. ఇజ్రాయెల్ ఇరాన్ మీద దాడి మొదలుపెట్టి అప్పటికి రెండు రోజులు.

తాడిపత్రి దగ్గర ఒక ప్యాక్‌హౌస్‌లో పదేళ్లుగా పేపర్ల పని చూస్తున్నా. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, సరుకుకు పురుగూ తెగులూ లేవని ఇచ్చే ఫైటో సర్టిఫికెట్, బ్యాంకుకు రాసే ఉత్తరాలు అన్నీ నా బల్ల మీద నుంచే పోతాయి. ఇప్పుడు మన రైతు సంఘాలు కూడా ఐఈసీ అనే ఎగుమతిదారు నంబరు తీసుకుని, వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ అపెడాలో పేరు రాయించుకుని సొంతంగా పంపుతామని వస్తున్నాయి. ఆ రిజిస్ట్రేషన్లు ఎట్లా చేయాలో చెప్పేవాళ్లు ఊరికి పదిమంది ఉన్నారు. నేను చెప్పేది దాని తర్వాత సంగతి: ఎక్కడో యుద్ధమో ఆంక్షలో వస్తే మన సరుకునూ డబ్బునూ ఎట్లా కాపాడుకోవాలో.

మొదట ఒక ఖాళీ అట్టపెట్టె మూత తీసుకుని వెనకవైపు మీ సరుకు దారి గీయండి. తోట, తాడిపత్రి, ముంబై దగ్గర జేఎన్‌పీటీ రేవు, అరేబియా సముద్రం, ఆ తర్వాత? ఇక్కడే చాలామంది "గల్ఫ్" అని ఒక్క మాట రాసి ఊరుకుంటారు. అది చాలదు. గల్ఫ్‌లోకి పోవాలంటే హోర్ముజ్ జలసంధి దాటాలి. సన్నగా ఉన్నచోట దాని వెడల్పు 40 కిలోమీటర్లు కూడా లేదు, ఉత్తరపు ఒడ్డు ఇరాన్‌ది. దుబాయ్ జెబెల్ అలీ, కువైట్, బహ్రెయిన్, ఖతర్, సౌదీ దమ్మామ్, ఇరాక్ ఉమ్ ఖసర్ అన్నీ దాని లోపలివే. ఒమన్‌లో సొహార్, సలాలా బయట ఉన్నాయి. యూఏఈకే చెందిన ఖోర్ ఫక్కాన్ కూడా బయటే ఉంది, అక్కడ దించి రోడ్డు మీద దుబాయ్‌కి తీసుకుపోవచ్చు. కాబట్టి బేరం మాట్లాడే రోజే "గొడవైతే ఏ రేవులో దించుకుంటావు, ఆ లారీ ఖర్చు ఎవరిది?" అని అడిగి మెయిల్‌లో రాయించుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట ఆ రోజు పనికిరాదు.

ఎర్ర సముద్రం మన దారిలో లేదు కదా అని కూడా అనుకోవద్దు. 2023 నవంబరు నుంచి యెమెన్‌లోని హూతీ తిరుగుబాటుదారులు అక్కడ ఓడలను కొడుతుంటే, యూరప్ ఓడలు సూయజ్ వదిలి ఆఫ్రికా కొస చుట్టి తిరిగాయి. ఒక్కో ట్రిప్పుకు పది రోజులు, రెండు వారాలు ఎక్కువ. ఓడలూ కంటైనర్లూ అన్ని రోజులు నీళ్ల మీదే ఉంటే ఇక్కడ మనకు ఖాళీ కంటైనర్ దొరకడమే కష్టమైంది. దుబాయ్‌కి పోయే అరటికి యెమెన్‌తో ఏం పని అంటే, ఇదీ పని.

అరటికి ఆలస్యం అంటే ఏమిటో ప్యాక్‌హౌస్‌లో నిలబడితే తెలుస్తుంది. 75, 80 శాతం పక్వానికి వచ్చిన పచ్చి గెల నుంచి హస్తాలు విడదీసి, పాలు కడిగి, 13 కిలోల పెట్టెల్లో సర్ది, 13 డిగ్రీల చల్లదనంలో పెడతాం. అంతకంటే చల్లబడితే తొక్క బూడిదరంగుకు తిరుగుతుంది. వేడెక్కితే ఓడలోనే పండుతుంది. ఒక కాయ పండితే దాని నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు పక్క పెట్టెల్లో కాయలను కూడా పండిస్తుంది. నలభై అడుగుల కంటైనర్‌లో పదిహేను వందల పెట్టెల పైచిలుకు ఉంటాయి, లెక్క మీరే వేసుకోండి.

ఇన్సూరెన్స్ ఉంది కదా అంటారు. పాలసీ తీసి చదవండి. మామూలు మెరైన్ పాలసీలో యుద్ధం ఉండదు, విడిగా వార్ కవర్ తీసుకోవాలి. అది తీసుకున్నా ఆలస్యం వల్ల చెడిపోయిన సరుకుకు డబ్బు రాదు, ఆలస్యానికి కారణం ఏదైనా సరే. ఈ లైను నాకు మూడో ఏట గానీ అర్థం కాలేదు.

డబ్బు దారిని అదే మూత మీద ఇంకో రంగు స్కెచ్‌తో గీయండి. సరుకు దారి కంటే ఇదే వంకర.

ఇరాన్ సంగతి చూడండి. మన అరటి బాగా తినే దేశాల్లో అదొకటి. అమెరికా ఆంక్షల వల్ల డాలర్లలో చెల్లింపు కుదరదు కాబట్టి ఒక ఏర్పాటు ఉండేది. మన రిఫైనరీలు ఇరాన్ చమురుకు ఇచ్చే డబ్బును రూపాయల్లో యూకో బ్యాంకులో వేసేవి, ఇరాన్‌కు బియ్యం, టీ, పండ్లు పంపినవాళ్లకు ఆ రూపాయల నుంచే చెల్లింపు. 2018లో అమెరికా ఇరాన్‌తో ఉన్న అణు ఒప్పందం నుంచి బయటికొచ్చి మళ్లీ ఆంక్షలు బిగించింది. 2019 మే తర్వాత మనదేశం ఇరాన్ చమురు కొనడం ఆపేసింది. ఆ ఖాతాలోకి కొత్త డబ్బు రాకపోతే మన గెలలకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? తిండి సరుకు మీద ఆంక్షలు లేవు, నిజమే. కానీ ఇరాన్ పేరు వింటేనే బ్యాంకులు వెనక్కి తగ్గుతాయి. పైగా ఇరాన్ తన యాపిల్ అమ్ముకోవడానికి అరటి దిగుమతిని దానితో ముడిపెట్టింది, అంటే యాపిల్ బయటికి అమ్మితేనే అరటి తెచ్చుకునే వీలు. ఇటు మన ప్రభుత్వమేమో 2023 మేలో, కిలో 50 రూపాయల కంటే చౌకగా వచ్చే యాపిల్‌ను దిగుమతి చేసుకోవద్దంది, మన యాపిల్ రైతు కోసం. కశ్మీర్ యాపిల్ తోటకూ మా అనంతపురం వైపు నార్పల అరటి తోటకూ మధ్య ఇట్లాంటి చుట్టరికం ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు.

మా దెబ్బ 2021లో తగిలింది. కొన్నది దుబాయ్ పార్టీ, పేపర్ల మీద జెబెల్ అలీ. సరుకు అక్కడ దిగి చిన్న పడవల్లో ఇరాన్‌కు పోయింది. మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు. డాలర్ చెల్లింపు ఎవరు ఎవరికి పంపినా దాదాపుగా అమెరికా బ్యాంకుల గుండానే పోతుంది. మధ్యలో ఎవరో పట్టుకుని, సరుకు చివరికి ఎక్కడ దిగింది, కాగితం చూపించమన్నారు. రెండు కంటైనర్ల డబ్బు ఐదు నెలలు ఆగింది. ఒక పెద్దాయన ప్రతి సోమవారం వచ్చి గేటు పక్కన ఖాళీ క్రేట్ మీద కూర్చునేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. టీ తాగి పోయేవాడు. ఆయన తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. తుది గమ్యం ఏ దేశమో కొనేవాడి సంతకంతో తీసుకుంటా. కటింగ్‌కి ముందే అడ్వాన్స్, కనీసం కూలీ, పెట్టెలు, తోట నుంచి రవాణా గట్టెక్కేంత. కొత్త పార్టీకి సీఐఎఫ్ రేటు (ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ మనమే కట్టే రేటు) చెప్పను, ఎఫ్‌ఓబీనే (మన రేవులో ఓడ ఎక్కించేవరకే మన ఖర్చు). సీఐఎఫ్‌లో అంకె పెద్దగా కనబడి ముచ్చటేస్తుంది, కానీ ఓడ కంపెనీ వార్ సర్‌ఛార్జి వేసిన రోజు ఆ బరువు మన నెత్తినే. తర్వాత ఈసీజీసీ పాలసీ. ఇది ఎగుమతి డబ్బుకు బీమా చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, 1957 నుంచి ఉంది. కొన్నవాడు ఎగ్గొట్టినా, యుద్ధం వల్ల డబ్బు రాకపోయినా నష్టంలో ఎక్కువ భాగం ఇస్తుంది. ఏ దేశానికి ఎంత కవర్ ఇస్తున్నారో ముందే కనుక్కోండి. వాళ్లే వెనకాడుతున్న దేశానికి మీరు అప్పు మీద సరుకు పంపడం దేనికి?

రాజకీయం అంటే బయటి దేశాలదే అనుకోకండి. కర్నూలు ఉల్లి రైతును అడగండి. 2023 ఆగస్టులో ఎగుమతి మీద 40 శాతం సుంకం, డిసెంబరు 8న పూర్తి నిషేధం, 2024 మే 4న నిషేధం తీసి సుంకం వేశారు, 2025 ఏప్రిల్ 1కి గానీ సుంకం పోలేదు. కడప వైపు పండే కేపీ (కృష్ణాపురం) ఉల్లి మన వంటలోకి పెద్దగా పోదు, విదేశాలకే పండిస్తారు. 2020 నిషేధంలో అదీ ఇరుక్కుంటే, తర్వాత చెన్నై రేవు నుంచి 10,000 టన్నులకు విడిగా అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఇట్లాంటి ఉత్తర్వులిచ్చే కేంద్ర విభాగం డీజీఎఫ్‌టీ సైట్ రోజూ ఒకసారి చూడండి, రెండు నిమిషాల పని.

ఖర్చు వైపు కూడా ఒక కన్ను వేయండి. అరటి పొటాష్ తినే పంట, మనదేశం పొటాష్ మొత్తం దిగుమతే, అమ్మే దేశాల్లో రష్యా, బెలారస్ ముఖ్యమైనవి. ఉక్రెయిన్ యుద్ధం వచ్చిన 2022లో బస్తా 1,700 రూపాయల దాకా పోయింది. సీజన్ రేటు ఖాయం చేసుకునేటప్పుడు ఎరువు ఏ రేటుకు కొన్నారో పక్కన రాసి పెట్టుకోండి.

ఇక గొడవ వార్త వచ్చిన రోజు. మొదటి ఫోన్ ఓడ ఏజెంటుకు: బుకింగ్ ఉందా, సర్‌ఛార్జి పడిందా, ఓడ ఏ రేవుకు పోతోంది. రెండోది కొనేవాడికి. మూడోది కటింగ్ మేస్త్రీకి, ఎందుకంటే గెల దించాక చేసేదేమీ లేదు. ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీకి లోడ్లు కట్టేవాళ్ల నంబర్లు రెండు ఎప్పుడూ ఫోన్‌లో ఉంచుకోండి. రేటు తక్కువే, కానీ డబ్బు హోర్ముజ్ దాటి రానక్కర్లేదు.

పుట్లూరు తమ్ముడు అదే చేశాడు. సగం తోట ఢిల్లీ లారీలకు ఎత్తించాడు. మిగతా సగం, యుద్ధం ఆగుతుందేమో చూద్దామని ఆపాడు. పన్నెండు రోజులకు ఆగింది కూడా. కానీ ఆ ఎండకు గెలలు ఆగలేదు, కాయ ముదిరి ఎగుమతికి పనికిరాకుండా పోయింది. దాన్ని అనంతపురంలోనే అమ్ముకున్నాడు.