వెండి రూపాయి తూకం సరిపోయింది, అయినా ఏదో తేడాగా ఉందా?

తిరుపతిలో నా దగ్గరికి బ్రిటిష్ కాలం నాటి పాత వెండి రూపాయి తెచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే ఏదో ఒక నగల అంగట్లో గీటురాయి మీద రుద్దించి తెస్తారు. నాణెం మీద కొత్త గీత ఒకటి పడి ఉంటుంది. ఏ సంవత్సరానిదని అడిగితే మాత్రం అప్పుడు తిప్పి చూస్తారు. దయచేసి ముందు సంవత్సరం చదవండి. తర్వాత రెండు దశాంశాలు చూపించే త్రాసు మీద పెట్టండి. చాలా అనుమానాలు అక్కడే తీరిపోతాయి, గీటురాయి అవసరం రాదు.

అయస్కాంతానికి అంటుకుంటోంది

1947 అని ఉందా, వెనుక పులి ఉందా? అయితే అది అసలు నాణెమే, కానీ నికెల్‌ది. అవ్వ పెట్టెలో వెండి రూపాయిలతో కలిసి ఉన్నంత మాత్రాన వెండి అయిపోదు. 1947 కంటే ముందు ఏ సంవత్సరం వేసి ఉన్నా అంటుకుంటే మాత్రం నకిలీ.

బరువు సరిపోయింది, వెండి మాత్రం తక్కువంటున్నారు

మళ్లీ సంవత్సరమే. 1940 నుంచి 1945 దాకా వచ్చిన రూపాయిల్లో వెండి 50 శాతమే. అంతకుముందు వాటిలో 91.7 శాతం. బరువు రెండింటికీ 11.66 గ్రాములే. పాతకాలం తులం అంటే ఈ బరువే. ఇప్పుడు 10 గ్రాములను తులం అనేవాళ్లూ ఉన్నారు కాబట్టి అంగట్లో గ్రాముల్లోనే అడగండి.

సంవత్సరం అరిగిపోతే నీళ్ల పరీక్ష చేయండి. గ్లాసులో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. రూపాయిని సన్నటి దారంతో కట్టి, గ్లాసుకు ఎక్కడా తగలకుండా పూర్తిగా ముంచండి. 91.7 శాతం రూపాయికి 1.13 గ్రాముల దగ్గర చూపిస్తుంది, 50 శాతం దానికి 1.22 దగ్గర. అదే బరువున్న రాగి-నికెల్ నకిలీ అయితే 1.31 దాకా పోతుంది.

బరువు తక్కువ

బొమ్మ బాగా అరిగి 11.4 ఉంటే టెన్షన్ పడకండి, వాడకంలో పోయిన వెండి అది. చెవి పైన జుట్టు గీతలు కూడా స్పష్టంగా ఉండి 11 గ్రాములే తూగితే అది పోత పోసిన నకిలీ అని అనుమానించండి. అంచు చుట్టూ చూస్తే అతుకు గీత కనిపించవచ్చు. అరుగుదలా బరువూ ఒకే మాట చెప్పాలి.

అన్నీ సరిపోయాయి, కానీ బొమ్మ తలపైన ఒకచోట రంగు వేరు

నన్ను బాగా దెబ్బ తీసింది ఇదే. చాలా ఏళ్ల కింద చిత్తూరులో ఒక అంగట్లో 1892 విక్టోరియా ఎంప్రెస్ (రాణి పేరు పక్కన ఎంప్రెస్, అంటే చక్రవర్తిని అని ఉండేది) రూపాయి కొన్నాను. 11.52 గ్రాములు. నీళ్లలో 1.11 చూపించింది, అదీ సరైన లెక్కే. తెల్లగా మెరుస్తోంది. మంచి ధర ఇచ్చి తెచ్చుకున్నాను. ఒక వానాకాలం గడిచాక బీరువాలోంచి తీస్తే నాణెమంతా సమంగా నల్లబడింది, కిరీటం దగ్గర బియ్యపుగింజంత చోటు మాత్రం బూడిద రంగులో ఉండిపోయింది. అది పూడ్చిన బెజ్జం.

మా వైపు పల్లెల్లో పిల్లల మొలతాటికి, ఆడవాళ్ల దండకు వెండి రూపాయి కట్టుకునేవాళ్లు. బెజ్జం కొట్టేది ఎప్పుడూ తలపైనే, బొమ్మ నిలువుగా వేలాడాలి కదా. తర్వాత అమ్మేటప్పుడు ఎవరో మాటు (టంకం) పెట్టి పూడ్చి, ఆకురాయితో రాచి, పాలిష్ పెడతారు. 2 మిల్లీమీటర్ల బెజ్జంతో పోయే వెండి 0.05 గ్రాముల దగ్గర, అంతే. మామూలు అరుగుదలే అంతకంటే ఎక్కువ. అందుకే త్రాసుకూ నీళ్లకూ ఇది దొరకదు. ఆ రెండూ లోహం సంగతి చెబుతాయి, నాణెం చెక్కుచెదరకుండా ఉందని చెప్పవు.

కాబట్టి లైటు ఆపి, ఫోన్ టార్చ్‌ను నాణేనికి పక్కనుంచి, దాదాపు పడుకోబెట్టినట్టు పట్టుకుని, రూపాయిని నెమ్మదిగా చుట్టూ తిప్పండి. కిరీటం చుట్టుపక్కల గుండ్రటి సన్నగీత ఉందేమో, చిన్న గుంటో ఉబ్బో ఉందేమో చూడండి. అదే చోట వెనక్కి తిప్పితే పూలతీగ ఉంటుంది. ముందువైపు ఉలితో కిరీటం మళ్లీ చెక్కినవాళ్లు కూడా వెనక తీగను పట్టించుకోరు, అక్కడ ఒక ఆకు మొద్దుగా ఉంటుంది. చివరగా అంచు మీద గోరు పెట్టి ఒక్క చుట్టు తిప్పండి. గరగరమంటూ వచ్చి తలపైన ఒక్కచోట నున్నగా జారితే, అక్కడ కొక్కెం అతికించి తీసేశారన్నమాట. ఈ గోరు పరీక్షకు పది సెకన్లు పట్టదు. దీన్నే అందరూ వదిలేస్తారు.

బయటపడ్డాక ఏం చేయాలి? ఏమీ చేయకండి. మాటు కరిగించడానికి వేడి చేయించొద్దు, మళ్లీ పాలిష్ పెట్టించొద్దు. తెరిచి ఉన్న బెజ్జాన్ని పూడ్పించాలని అసలే చూడొద్దు. దాచిన బెజ్జం కంటే కనిపించే బెజ్జమే నయం, కొనేవాడికి ఏం కొంటున్నాడో తెలుస్తుంది. గ్రేడ్ (నాణెం ఎంత బాగుందో చెప్పే స్థాయి, "వెరీ ఫైన్" లాంటిది) రాసేటప్పుడు అరుగుదలనూ దెబ్బనూ విడివిడిగా రాయండి. నా 1892 రూపాయి కవరు మీద ఇలా ఉంది: "అరుగుదల ప్రకారం వెరీ ఫైన్. కిరీటం దగ్గర బెజ్జం పూడ్చారు. పాలిష్ చేసినది. 11.52 గ్రాములు." ఒట్టి "వెరీ ఫైన్" అని రాసి అమ్మితే అది మోసమే. ఇలాంటి దానికి వెండి ధర మీద కొద్దిగా వేసి అడగవచ్చు, అంతకుమించి ఆశించకండి.

అరుదుగా వచ్చేవి

1939 వెండి రూపాయి నిజంగానే అరుదు, అందుకే 1938లోని 8ని చెక్కి 9 చేస్తారు. చివరి అంకెను భూతద్దం కింద చూస్తే తెలిసిపోతుంది. 1911 నాణెం మీద రాజు (ఐదో జార్జి) వస్త్రంపై ఏనుగు పందిలా కనిపిస్తే కంగారు పడకండి, అది అచ్చులోనే ఉంది, మరుసటి ఏడాది మార్చారు. ఎంప్రెస్ రూపాయిని ఎవరైనా మద్రాసు టంకశాలది అని ఎక్కువ అడిగితే ఇవ్వకండి. ఆ టంకశాల 1869లోనే మూతపడింది, ఎంప్రెస్ అనే పేరు నాణేల మీదికి వచ్చింది 1877లో.