హైస్కూల్ రిసీవర్ కాలేజీలో ఆడగలడా: అభిమాని అంచనా వేయవలసిన తీరు

అమెరికాలో కాలేజీ స్థాయి అమెరికన్ ఫుట్‌బాల్ అభిమానులకు సీజన్ ముగిసినా తీరిక ఉండదు. తమ జట్టు కోచ్‌లు ఏ హైస్కూల్ కుర్రాడికి స్కాలర్‌షిప్ ఇవ్వజూపారు, అతడు ఎవరికి మాట ఇచ్చాడు, ఆటగాళ్లకు ర్యాంకులిచ్చే సంస్థలు అతడికి ఎన్ని స్టార్లు ఇచ్చాయి అన్న చర్చ ఏడాది పొడవునా సాగుతూనే ఉంటుంది. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో వంటి ఊళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ, పిల్లల బడి జట్టు ద్వారా ఈ ఆటకు అలవాటుపడి, శుక్రవారం రాత్రి స్టేడియంలో కూర్చుని ఇలాంటి లెక్కలు వేసేవారు ఉన్నారు. మిగతా స్థానాలకంటే, విసిరిన బంతిని పరుగెత్తి అందుకునే రిసీవర్ విషయంలో ఈ లెక్క సులువుగా తప్పుతుంది. బంతి గాలిలోకి లేచినప్పుడల్లా అందరి చూపూ అతడి మీదే ఉంటుంది కాబట్టి, పట్టిన ప్రతి బంతీ గొప్పగానే కనిపిస్తుంది. అందువల్ల ఏది చూస్తున్నా ఒక ప్రశ్నను వదలకూడదు: తనంత వేగమూ బలమూ ఉన్న కార్నర్‌బ్యాక్ (రిసీవర్‌ను కాపలా కాసే డిఫెండర్, క్లుప్తంగా కార్నర్) ఎదురుగా నిలబడిన రోజున, ఇతడు ఇప్పుడు చేస్తున్నదాంట్లో ఎంత మిగులుతుంది?

మొదట వీడియోతో ప్రారంభించండి. దాదాపు ప్రతి హైస్కూల్ ఆటగాడికీ హడల్ అనే వీడియో సైట్‌లో ఒక హైలైట్ వీడియో ఉంటుంది. దాన్ని కూర్చేది ఆ అబ్బాయో, తల్లిదండ్రులో, కోచో కాబట్టి అందులో జారవిడిచిన బంతులు ఉండవు. కార్నర్ చేతుల్లో చిక్కుకుని ఆట మొదలయ్యే లైన్ దగ్గరే ఆగిపోయిన ప్లేలూ (బంతి కదిలినప్పటి నుంచి ఆగేదాకా సాగేది ఒక ప్లే) ఉండవు. మేలైనవి ముందే పెడతారు గనుక మొదటి అయిదారు ప్లేలను నిశితంగా చూడండి. అవన్నీ నేరుగా పరుగెత్తి లోతుగా పడిన బంతిని అందుకున్నవే అయితే, అతడికి మరే రూట్ (ముందే నిర్ణయించిన పరుగు దారి) రాదని తీర్మానించనక్కరలేదు, మరే రూట్ అతడిని అడగలేదని మాత్రం గుర్తుంచుకోవాలి. ఆ తరువాత వీలైతే ఒక పూర్తి మ్యాచ్ చూడండి. స్టేడియంలో ఉంటే ఒక క్వార్టర్ (మ్యాచ్‌లో నాలుగో వంతు) అంతా బంతిని వదిలేసి ఆ కుర్రాడిని మాత్రమే చూడండి; బంతి తనవైపు రాదని తెలిసిన ప్లేలో అతడు ఎలా పరుగెత్తుతాడో, ముందు నిలిచిన డిఫెండర్‌ను అడ్డుకుంటాడో లేదో అప్పుడే బయటపడుతుంది. బ్లాకింగ్ చేయని కొత్త కుర్రాడిని మైదానంలోకి పంపడానికి కాలేజీ కోచ్‌లు సాధారణంగా ఇష్టపడరు.

వీడియోలో అన్నిటికంటే ఎక్కువ సమయం కేటాయించవలసింది మొదటి మూడు అడుగులకు. హైస్కూల్లో చాలామంది కార్నర్లు, తమను దాటి లోతుగా బంతి పడిపోతుందన్న భయంతో, రిసీవర్‌కు ఏడెనిమిది గజాల దూరంలో నిలబడతారు. అంత ఖాళీ ఇస్తే సగటు ఆటగాడు కూడా స్వేచ్ఛగా రూట్‌లోకి వెళ్లిపోతాడు. కాలేజీలో కార్నర్ లైన్ మీదికే వచ్చి, ఎదురుగా నిలబడి, ఛాతీ మీద చేయి వేసి నిలువరిస్తాడు. అయిదు గజాలు దాటాక ముట్టుకోకూడదన్న, ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్ నిబంధన కాలేజీ ఆటలో లేదు కాబట్టి, బంతి గాలిలోకి లేచేదాకా ఆ ఒత్తిడి కొనసాగవచ్చు. కాబట్టి వీడియోలో ఇలా మీదికొచ్చి నిలువరించే ప్రెస్ కవరేజీ ఎదురైన ప్లేలను వెతికి పట్టుకుని, అతడు కాళ్లతో ఒకవైపు నమ్మించి మరోవైపు తప్పించుకుంటున్నాడా, చేతులతో కార్నర్ చేతిని తోసేస్తున్నాడా, లేక ఉన్నచోటే కాళ్లాడిస్తూ విలువైన క్షణాలను పోగొట్టుకుంటున్నాడా అన్నది పరిశీలించాలి. దాటిన తరువాత కార్నర్‌ను సరిగ్గా తన వెనకకు నెట్టి, అదే వరుసలో ముందు పరుగెత్తగలగడం ఇంకా పై స్థాయి నైపుణ్యం. వీడియో మొత్తంలో ప్రెస్ అసలు కనిపించకపోతే దాన్ని తేలని ప్రశ్నగానే ఉంచండి. మంచిగానో చెడుగానో మార్కులు వేయకండి.

తరువాత చూడవలసింది రూట్ విరుపు. పూర్తి వేగంతో వెళ్తున్నవాడు వెనక్కి తిరగడానికి రెండు మూడు అడుగులు తీసుకుంటున్నాడా, అయిదారు తీసుకుంటున్నాడా? నడుమును కిందికి దించి ఆగేవాడు చివరి క్షణం వరకు తన ఉద్దేశాన్ని దాచగలడు. ఛాతీ ముందే పైకి లేచిపోయేవాడు తాను ఆగబోతున్నట్టు కార్నర్‌కు స్వయంగా చెప్పేస్తాడు. ఈ విషయంలో పొడవాటి కుర్రాళ్లకు ఇబ్బంది ఎక్కువ. అలాగే బంతిని అరచేతులతో, శరీరానికి దూరంగా అందుకుంటున్నాడా, ఛాతీకి హత్తుకుని పట్టుకుంటున్నాడా అని చూడండి. పక్కన ఎవరూ లేనప్పుడు ఛాతీ క్యాచ్ పనిచేస్తుంది. కాలేజీలో ఆ మధ్యలోకి కార్నర్ చేయి దూరుతుంది. జట్టులో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ బలహీనుడైతే అభిమానులు ఆ రిసీవర్‌పై జాలిపడతారు గానీ, అంచనా వేసేవారికి అది లాభమే: గురి తప్పిన బంతుల కోసం అతడు శరీరాన్ని ఎలా మలచుకుంటాడో చూసే అవకాశం అలాంటి జట్టులోనే ఎక్కువగా దొరుకుతుంది.

వేగం గురించి వినిపించే అంకెల్లో సగానికి సగం నమ్మదగినవి కావు. 40 గజాల పరుగును స్టాప్‌వాచ్‌తో కొలిచినప్పుడు, కదలికను చూసి బొటనవేలు నొక్కేలోపే కొంత కాలం గడిచిపోతుంది కాబట్టి, వచ్చే అంకె అసలు వేగంకంటే మెరుగ్గా కనిపిస్తుంది. పరుగుపందేల లెక్కల్లో చేతితో కొలిచిన 100 మీటర్ల సమయానికి 0.24 సెకన్లు కలపడం ఇందుకే ఆనవాయితీ. అందుకని ఆ అబ్బాయి ట్రాక్ ఫలితాలను వెతకండి. ఎలక్ట్రానిక్ కొలతతో, సెకనుకు 2 మీటర్లు మించని గాలి సాయంతో, 100 మీటర్లను 10.8 సెకన్లలోపు ముగించినవాడి వేగాన్ని సందేహించనక్కరలేదు; 11.5 దగ్గర ఉన్నవాడు 40 గజాలను 4.4లో పరుగెత్తుతాడని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోవచ్చు.

అయితే నేరుగా పరుగెత్తే వేగమే సర్వస్వం కాదనడానికి డాలస్ దగ్గరి రాక్‌వాల్ హైస్కూల్ నుంచి వచ్చిన జాక్సన్ స్మిత్-ఎంజిగ్బా మంచి ఉదాహరణ. 2022 జనవరి 1న జరిగిన రోజ్ బౌల్ మ్యాచ్‌లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ తరఫున అతడు 15 క్యాచ్‌లతో 347 గజాలు సాధించాడు. కొత్త ఆటగాళ్లను పరీక్షించే 2023 ఎన్ఎఫ్ఎల్ కంబైన్‌లో అతడు 40 గజాలు పరుగెత్తనే లేదు. కానీ దిశ మార్చే చురుకుదనాన్ని కొలిచే 20 గజాల షటిల్‌ను 3.93 సెకన్లలో, మూడు కోన్ల పరుగును 6.57 సెకన్లలో ముగించాడు. సియాటిల్ జట్టు అతడిని ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ (కొత్త ఆటగాళ్ల ఎంపిక) మొదటి రౌండ్‌లోనే 20వ స్థానంలో తీసుకుంది. ఎక్కువగా స్లాట్‌లో (లైన్‌మెన్‌కూ బయటి రిసీవర్‌కూ మధ్య), మైదానం మధ్యలో ఆడే రిసీవర్‌కు ఈ చురుకుదనం ఎంత ముఖ్యమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఎత్తు, బరువుల విషయంలో బడి రోస్టర్‌ను నమ్మకండి. అందులో అంగుళమో రెండంగుళాలో ఉదారంగా కలపడం మామూలే. శిబిరాల్లో కొలిచిన అంకె దొరికితే దాన్నే తీసుకోండి. బరువు తక్కువన్న ఒక్క కారణంతో ఎవరినీ కొట్టిపారేయవద్దు. లూసియానాలోని అమీట్ అనే చిన్న ఊరి నుంచి అలబామా యూనివర్సిటీకి వెళ్లిన డివాంటా స్మిత్ ఎన్ఎఫ్ఎల్‌కు చేరేనాటికి కూడా 170 పౌండ్లు లేడు. అయినా 2020లో 117 క్యాచ్‌లు, 1,856 గజాలు, 23 టచ్‌డౌన్లతో, ఏటా కాలేజీ ఫుట్‌బాల్‌లో అత్యుత్తమ ఆటగాడికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచాడు. 1991లో డెస్మండ్ హోవర్డ్ తరువాత ఆ ట్రోఫీ పొందిన మొదటి రిసీవర్ అతడే. వయసు మాత్రం తప్పక చూడాలి. తరగతిలో అందరికంటే పెద్దవాడై, ఇప్పటికే గడ్డం వచ్చి కండలు తిరిగినవాడి ఆధిక్యం, మిగతావారు ఎదిగేసరికి కరిగిపోవచ్చు.

గణాంకాలను ప్రత్యర్థులతో కలిపి చదవాలి. టెక్సస్‌లో బడులను విద్యార్థుల సంఖ్యనుబట్టి 1ఏ నుంచి 6ఏ వరకు విభజిస్తారు. రెండు వేలకు పైగా విద్యార్థులున్న 6ఏ బడుల మధ్య సాధించిన 900 గజాలు, చిన్న బడుల మధ్య సాధించిన 1,500 గజాలకంటే ఎక్కువ చెప్పవచ్చు. వేసవిలో జరిగే సెవెన్-ఆన్-సెవెన్ పోటీల వీడియోలు చూడముచ్చటగా ఉంటాయి గానీ, వాటిలో ప్యాడ్లూ ఉండవు, టాకిలింగూ ఉండదు, క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చే లైన్‌మెన్ కూడా ఉండరు. టెన్నిస్ బంతితో కొట్టిన సిక్సర్లు చూసి రంజీ బ్యాటర్‌ను ఎంపిక చేసినట్టవుతుంది. రూట్ విరుపు, చేతుల పట్టు చూడటానికి మాత్రం అవి పనికొస్తాయి.

స్టార్లను పూర్తిగా కొట్టిపారేయడమూ పొరపాటే. 247స్పోర్ట్స్ సంస్థ, ఒకే ఏడాది హైస్కూల్ ముగించే ప్రతి తరగతిలో సుమారు 32 మందికి అయిదు స్టార్లు ఇస్తుంది. ఎన్ఎఫ్ఎల్ మొదటి రౌండ్ ఎంపికల సంఖ్యే దానికి ఆధారం. 2024 తరగతిలో అగ్రస్థానంలో నిలిచిన ఫ్లోరిడా కుర్రాడు జెరెమయా స్మిత్, ఒహాయో స్టేట్‌లో మొదటి ఏడాదే 1,315 గజాలు సాధించి ఆ అంచనాను నిలబెట్టాడు. పై మెట్టులో ఈ లెక్కలు బాగానే కుదురుతాయి. మూడు స్టార్ల గుంపులో మాత్రం వందలాది మంది ఉంటారు, వారిమధ్య తేడాను స్టార్లు చెప్పలేవు. తరువాత ఎన్ఎఫ్ఎల్ తార అయిన జస్టిన్ జెఫర్సన్ ఆ గుంపును మించనివాడే. కూపర్ కప్‌కైతే వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా నుంచి బయల్దేరినప్పుడు ఒక్క స్టార్ కూడా లేదు. ఈస్టర్న్ వాషింగ్టన్ యూనివర్సిటీలో ఆడి, 2021లో ఎన్ఎఫ్ఎల్‌లోనే అత్యధికంగా 1,947 గజాలు అందుకున్నాడు. అయితే ఈ ఇద్దరి పేర్లు చెప్పి, మన జట్టు తీసుకున్న ప్రతి అనామకుడినీ రేపటి కప్ అనడం అభిమానుల పాత జబ్బు.

మధ్యస్థాయి కుర్రాళ్ల విషయంలో స్టార్లకంటే, ఎవరెవరు స్కాలర్‌షిప్ ఇవ్వజూపారన్న జాబితా మేలైన ఆధారం. అందులోనూ పేర్ల సంఖ్యను చూడకండి. రిసీవర్లను తయారుచేయడంలో పేరున్న కోచ్ స్వయంగా శిబిరంలో చూసి ఇచ్చిన ఒక్క ఆఫర్, దూరం నుంచి వచ్చిన పదింటికంటే బరువైనది. నోటిమాటగా ఇచ్చిన ఆఫర్‌కు ఎవరూ కట్టుబడి ఉండనవసరం లేదు కాబట్టి, డిసెంబర్ సంతకాలు దగ్గరపడేకొద్దీ ఏ కాలేజీ ఇంకా అతడి వెంట పడుతోందో గమనించండి.

చివరగా, అతడు వెళ్లే చోటును చూడండి. 2025 నుంచి, ఆటగాళ్లతో కుదిరిన కోర్టు ఒప్పందంలో చేరిన కాలేజీల్లో 85 స్కాలర్‌షిప్‌ల పరిమితి పోయి, జట్టుకు 105 మంది అన్న పరిమితి వచ్చింది. కాలేజీ మారదలచిన ఆటగాళ్ల జాబితా అయిన ట్రాన్స్‌ఫర్ పోర్టల్ నుంచి ఇరవై రెండేళ్ల ఆటగాళ్లు నేరుగా వచ్చి చేరుతున్నారు. కాబట్టి ఆ జట్టులో అతడి స్థానంలో ఎందరున్నారో, ఎవరు ఎప్పుడు వెళ్లిపోతారో లెక్కించిన తరువాతే ఫలానా ఏడాది ఆడతాడని చెప్పాలి. నాలుగు మ్యాచ్‌ల వరకు ఆడినా ఆ ఏడాదిని రెడ్‌షర్ట్‌గా (అర్హత ఏళ్లలో లెక్కకు రాకుండా) మిగుల్చుకునే నిబంధన 2018లో వచ్చింది గనుక, తొలి సీజన్ అంకెలతో తీర్పు చెప్పడం తొందరపాటు. జెఫర్సన్‌కు 2017లో, అంటే ఎల్ఎస్‌యూలో (లూసియానా స్టేట్ యూనివర్సిటీలో) అతడి మొదటి ఏడాది, ఒక్క క్యాచ్ కూడా లేదు. 2019లో 111 ఉన్నాయి.