పిచ్చి బొంతకు సోకులు

జడ్చర్లలో ఇరవై రెండేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. మిషన్ కింద ఒక గోనెసంచి ఎప్పుడూ ఉంటుంది. కత్తిరించగా మిగిలిన ముక్కలన్నీ అందులోకే. గద్వాల పట్టంచు, నారాయణపేట గళ్ల బట్ట, పోచంపల్లి ఇక్కత్, ఎవరి రిసెప్షన్ జాకెట్‌లోదో మెరూన్ వెల్వెట్. అరచేతంత ముక్క పారేయాలన్నా నాకు చెయ్యి రాదు. మా అత్తమ్మ మాత్రం ఇవి బొంతకు పనికిరావనేది. ఆమె లెక్కలో బొంతంటే మెత్తబడ్డ నూలు చీరలు మూడు నాలుగు పొరలు పరిచి, అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడుమకు వచ్చే కుట్టు. "పట్టు మీద పండుకుంటే జారి కింద పడతం గదనే" అని నవ్వేది.

నిజమే, నేను చెప్పేది పండుకునే బొంత కాదు. మా అమ్మాయి ఫోన్‌లో చూపించిన క్రేజీ క్విల్ట్. మా ఇంట్లో దాని పేరు పిచ్చి బొంత. అమెరికాలో 1880లలో ఇది బాగా నడిచింది. 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన పెద్ద ప్రదర్శనలో జపాన్ వస్తువులు చూశాక అక్కడి ఆడవాళ్లకు ఈ వంకరటింకర అందం మీద మోజు పెరిగిందంటారు. పట్టు, వెల్వెట్ ముక్కలను ఒక వరస లేకుండా అతికి, అతుకు అతుకు మీద రంగు దారంతో కుట్లు వేసేవారు. చాలావాటిలో దూది కూడా ఉండదు. చలికి కప్పుకోవడానికి కాదు, వచ్చినవాళ్లు చూడటానికి. మీరూ సోఫా వీపు మీదకో, గోడకో అనుకుని మొదలుపెట్టండి.

అడుగున వేయడానికి పాత నూలు పంచె మంచిది, ఉతికి ఉతికి ఇక కుంచించుకోవడానికి ఏమీ మిగలదు. పద్నాలుగు అంగుళాల చదరాలు కత్తిరించండి. చేతికుట్టు వేసేకొద్దీ బట్ట లోపలికి లాక్కుంటుంది, చివర్లో పన్నెండుకు సరిచేసుకుందాం. వరసకు మూడు చొప్పున తొమ్మిది చదరాలు కలిపితే దాదాపు మూడడుగుల బొంత. నడుమ నుంచి కాస్త పక్కకు ఐదు మూలల ముక్క ఒకటి పెట్టి, దాని ఒక వైపున రెండో ముక్కను మంచివైపు మంచివైపు కలిపి, పావంగుళం వదిలి కుట్టి, తిప్పి ఇస్త్రీ చేయాలి. అట్లా చుట్టూ తిరుగుతూ పోతే ఏడెనిమిది ముక్కలకు చదరం నిండుతుంది. మిషన్ ఉంటే అరగంట పని.

ముక్కలు ఏరుకోవడంలోనే ఉంది అసలు తెలివి. కొత్తవాళ్లు అందమైనవన్నీ ఒకేచోట పెట్టేస్తారు. ఇక్కత్‌లో నేయకముందే నూలుకు రంగు పడుతుంది, అందుకే డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టు ఉంటాయి. ఆ చెదురులో మీ కుట్టు మునిగిపోతుంది. దాని మీద ఎంబ్రాయిడరీ చేయడం దారం దండగ. చదరానికి డిజైన్ ముక్కలు మూడు మించకుండా, మిగిలినవి సాదావి పెట్టండి. పాత పట్టు అయితే ఒకసారి వెలుతురుకు ఎత్తి చూడండి. మడత పడ్డచోట సన్నని గీతల్లాగా వెలుతురు కనిపిస్తే అది చిట్లడం మొదలైంది, ఎంత మంచి రంగైనా వదిలేయండి. పోగులు ఊడిపోయే పట్టుకు వెనక ఇస్త్రీతో అతుక్కునే పేస్టింగ్ బట్ట వేస్తే సూదికి నిలబడుతుంది.

ఇప్పుడు అతుకుల మీద కుట్లు. యాంకర్ కంపెనీ ఎంబ్రాయిడరీ లచ్ఛిలో దారం ఆరు పోగులుగా ఉంటుంది. మూడు పోగులు తీసుకోండి, మూరెడు మించొద్దు. పొడుగు దారం వెల్వెట్‌లో నాలుగుసార్లు దూరేసరికి నూగు లేస్తుంది. ముదురు బట్టకు లేత దారం, లేత బట్టకు ముదురు దారం అన్నది అందరికీ తెలిసిందే. నేనైతే చదరమంతటా ఒకే రంగు, ఎక్కువగా పసుపు, ఏదో ఒకచోట తిప్పుతుంటాను. కంటికి ఒక దారి దొరుకుతుంది.

ఇంటూ గుర్తుల వరసలా కనిపించే హెరింగ్‌బోన్ కుట్టు వస్తే సగం పని వచ్చినట్టే. అతుకుకు పైన పావంగుళం, కింద పావంగుళం దూరంలో రెండు గీతలు ఉన్నాయనుకోండి. ఎడమ చివర కింది గీత మీద సూది పైకి తీసి, ఏటవాలుగా కుడివైపు పై గీతకు వెళ్లి, అక్కడ సూదిని కుడి నుంచి ఎడమకు చిన్నగా, రెండు నూలుపోగులంత పట్టించండి. మళ్లీ ఏటవాలుగా కుడివైపు కింది గీతకు దిగి అట్లాగే. చెయ్యి కుడికి నడుస్తుంది, సూది మాత్రం ఎప్పుడూ ఎడమకే చూస్తుంది. అక్కడ తికమకపడితే కుట్టు తాడులా మెలిపడుతుంది. దూరాలు సమానంగా రావాలంటే మొదట నారాయణపేట గళ్ల బట్ట పక్కన ఉన్న అతుకు మీద నేర్చుకోండి. గళ్లే స్కేలు. చేయి కుదిరాక ప్రతి ఇంటూ దగ్గర ఒక ఫ్రెంచ్ నాట్, అంటే దారం సూదికి చుట్టి వేసే చిన్న ముడి, వేస్తే అదే కుట్టు పండగకు తయారైనట్టుంటుంది. ఈకలా కనిపించే ఫెదర్ స్టిచ్, కాజా కుట్టు, గొలుసు కుట్టు మీ ఇష్టం.

అప్లిక్, అంటే బట్టతో కత్తిరించి పైన అతికే బొమ్మ, ఉంటే మాత్రం దానిని ఈ కుట్లకన్నా ముందే వేసేయాలి, లేకపోతే కష్టపడి వేసిన కుట్టు దాని కింద పడిపోతుంది. నాకు ఇష్టమైనది సీతాఫలం. బాలానగర్ కాయ మా ఊరి పక్కదే, సీజన్‌లో గంపలకొద్దీ దిగుతుంది. ఆకుపచ్చ పట్టులో మూడంగుళాల గుండ్రని ముక్క కత్తిరించి, అంచుకు పావంగుళం లోపల చుట్టూ దారం కుట్టు వేసి కాస్త లాగండి, చిన్న దొప్పలాగా అవుతుంది. చిటికెడు దూది పెట్టి, అంచు లోపలికి మడిచి, చదరం మీద కనపడని కుట్టుతో అతకండి. ఆ తర్వాత మీగడ రంగు దారంతో ఏటవాలు గీతలు ఇటూ అటూ వేస్తూ, గీతలు కలిసే ప్రతి చోటా సూదిని అడుగు బట్ట దాకా దించి బిగించాలి. దూది గీతల మధ్య బుడిపెలుగా లేస్తుంది. ఆకుపచ్చ దారంతో వేస్తే పచ్చికాయ. మీగడ రంగుతో వేస్తే కళ్లు విచ్చిన కాయ, రేపు తినొచ్చు. పక్కన నాలుగు నల్లపూసలు కుట్టేస్తే గింజలు ఉమ్మినట్టే!

ఓపిక లేనివాళ్లకు ఇంకో దారి ఉంది. ఒంటికి పట్టని పెళ్లి జాకెట్ ప్రతి ఇంటి బీరువాలో ఒకటి ఉంటుంది. దాని మగ్గం వర్క్‌లోంచి ఒక పువ్వునో, నెమలినో చుట్టూ అరంగుళం వదిలి కత్తిరించి, అంచు మడిచి అతకండి. కత్తిరించే ముందు వెనకవైపు ఆ పువ్వు చుట్టూ ఒక వరస కుట్టి తీరాలి. మగ్గం కుట్టు గొలుసు కదా, ఒక్క పోగు తెగితే పూసలన్నీ నేల మీద.

అద్దాలు కుట్టడం నాకు నేర్పింది దగ్గరి తండా నుంచి జాకెట్ కుట్టించుకోవడానికి వచ్చే ఒక ముసలావిడ. అద్దం మీద నిలువుగా రెండు, అడ్డంగా రెండు దారాలు బిగించి, ఆ చట్రాన్ని పట్టుకుని చుట్టూ కాజా కుట్టు వేయాలి. నేను వేసిన అద్దాలు వారం తిరగకుండా ఊడిపోయేవి. ఆమె కాసేపు చూసి, "బిడ్డా, దారం అద్దం అంచుకు వేస్తున్నవ్. నడుమకు వెయ్యి. కుట్టేటప్పుడు అదే బయటికి జరుగుతది" అంది. అంతే, ఆ తర్వాత ఒక్కటీ ఊడలేదు. గవ్వలు పెట్టాలంటే వీపు అరగదీసినవే కొనండి, సూది దూరేది అక్కడే.

పూసలది ఆఖరి వంతు. దానికి ముందే చదరాన్ని మెత్తని టవల్ మీద బోర్లా వేసి వెనకనుంచి ఇస్త్రీ చేసేయాలి. ప్లాస్టిక్ ముత్యం ఒకసారి ఇస్త్రీ పెట్టెకు అంటుకుంటే గీకలేక చావాలి. పూత రంగు పూసలను ఒక రాత్రి సబ్బు నీళ్లలో నానబెట్టండి, పొద్దున రంగు నీళ్లలో ఉంటే అవి పనికిరావు. సన్నని సూది, పాలిస్టర్ దారం రెండు పోగులు, పూసలో రెండుసార్లు దూర్చడం, నాలుగు పూసలకు ఒకసారి వెనక ముడి. పన్నెండుకు సరిచేసిన చదరం అంచు నుంచి ముప్పావంగుళం దాకా ఒక్క పూస కూడా ఉండొద్దు. నా మొదటి బొంతలో అంచుదాకా ముచ్చటగా కుట్టుకుంటూ పోయాను. చదరాలు కలిపేటప్పుడు మిషన్ పాదం పూస ఎక్కి సూది విరిగింది, ముక్క నా కళ్లజోడుకు తగిలింది. కళ్లజోడు లేకపోతే ఏమయ్యేదో అని ఆ రోజంతా టెన్షన్.

తొమ్మిది చదరాలూ కలిపాక వెనక పాత నూలు చీర వేసి, చదరాల మూలలు కలిసే చోట్ల లావు దారంతో వెనకవైపు ముడులు వేస్తే సరిపోతుంది. పూసల మీదుగా బొంతంతా కుట్టాలని చూడకండి. చుట్టూ పట్టీకి గద్వాల అంచు మిగిలి ఉంటే అదృష్టం.

ఉతకడం గురించి అందరూ అడుగుతారు. ఉతకొద్దు. నేను ఒకసారి ఉతికాను. బజారులో చవగ్గా దొరికిన ఎర్ర దారం రంగు వదిలి, పక్కనున్న మీగడ రంగు పట్టంతా గులాబీ అయిపోయింది. అప్పటి నుంచి ప్రతి ఎర్ర దారాన్నీ, నల్ల దారాన్నీ ముందే తడి తెల్లగుడ్డ మధ్య నొక్కి చూస్తాను. దుమ్ము పడితే దులిపి, నీడలో ఆరేసి, పెట్టెలో పెట్టేటప్పుడు ఎండిన వేపాకు గుడ్డలో మూటకట్టి పక్కన ఉంచండి. మూడు నెలలకోసారి తీసి మడత మార్చండి, పట్టు చిట్లేది మడతల దగ్గరే.