విదేశాల్లో చూసిన ఘోరాలకు సాక్ష్యం నమోదు చేయడం ఎలా: ఉద్దానం ప్రాంత న్యాయవాదులకు ఒక మార్గదర్శిని

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట మండలాల నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, రిగ్గర్లుగా విదేశాలకు వెళ్లినవారు ప్రతి ఊరిలోనూ కనిపిస్తారు. గల్ఫ్‌కు వెళ్లినవారితో పాటు లిబియా, ఇరాక్ వంటి యుద్ధం నడిచిన దేశాల్లో పనిచేసి వచ్చినవారూ వారిలో ఉన్నారు. తిరిగి వచ్చాక వారు న్యాయవాది గడప తొక్కేది సాధారణంగా జీతం బకాయి కోసమో, ఏజెంటు చేసిన మోసం గురించో. ఆ మాటల మధ్యలోనే, సాయుధులు క్యాంపు పక్కన మనుషులను వరుసగా నిలబెట్టి కాల్చడం చూశామనో, తోటి కూలీలను చెరలో పెట్టి హింసించారనో చెబుతారు. అప్పుడు వారు మన కక్షిదారులు మాత్రమే కారు, అంతర్జాతీయ నేరానికి సాక్షులు కూడా. అటువంటి సందర్భంలో సోంపేట, పలాస, టెక్కలి కోర్టుల్లో పనిచేసే న్యాయవాది ఏం చేయాలో, ఏం చేయకూడదో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఇటువంటి కేసుల్లో ఘోరం జరిగిందని రుజువు చేయడం కంటే, దానిని ఫలానా మనిషికి, ఫలానా రోజుకు, ఫలానా చోటుకు ముడివేయడమే కష్టం. మన రాష్ట్రంలోనే చూడండి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ ఊరిలోనే ఏర్పాటైన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష విధించింది. మరణాల సమయం, దాడి జరిగిన స్థలం, ఎవరు ఎవరిపై దాడి చేశారన్నది నిస్సందేహంగా రుజువు కాలేదంటూ 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసింది. హత్యలు జరగలేదని ఎవరూ అనలేదు. అయినా శిక్ష నిలవలేదు. 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో ఐదుగురు దళితులు హతమైన తరువాతి పరిణామాలను దగ్గరగా చూసిన ఇక్కడి న్యాయవాదులకు, తొలి రోజుల్లో రాసిన కాగితం ఎంత విలువైనదో విడిగా చెప్పనక్కరలేదు.

ఏ తలుపు తెరిచి ఉందో ముందే చూసుకోవాలి

ద హేగ్‌లోని అంతర్జాతీయ నేర న్యాయస్థానం జాతి నిర్మూలన, మానవత్వంపై నేరాలు, యుద్ధ నేరాలు, దురాక్రమణ అనే నాలుగు నేరాలను మాత్రమే విచారిస్తుంది. దానికి ఆధారమైన రోమ్ శాసనం 1998 జూలై 17న ఆమోదం పొంది, 2002 జూలై 1న అమల్లోకి వచ్చింది. అంతకు ముందటి నేరాలు దాని పరిధిలోకి రావు. సాధారణంగా నేరం సభ్య దేశపు గడ్డపై జరిగి ఉండాలి, లేదా నిందితుడు సభ్య దేశపు పౌరుడై ఉండాలి. భారత్ సభ్య దేశం కాదు. అయితే సాక్షి ఏ దేశస్థుడన్నది పరిధికి అడ్డు కాదు. లిబియా కూడా సభ్య దేశం కాకపోయినా, 2011 ఫిబ్రవరి 26న భద్రతా మండలి 1970వ తీర్మానం ద్వారా అక్కడి పరిస్థితిని ఆ న్యాయస్థానానికి నివేదించింది. అందువల్ల ఆ ఘర్షణలో కంచిలి కుర్రవాడు చూసిన హత్య ద హేగ్‌లో విచారణార్హం కావచ్చు. ఇరాక్ విషయం వేరు. 2014లో మోసుల్ దగ్గర అపహరణకు గురైన 39 మంది భారతీయ కార్మికులు హతమయ్యారని 2018లో మన ప్రభుత్వం ప్రకటించింది, కానీ ఇరాక్ సభ్య దేశం కాదు, భద్రతా మండలి నివేదనా లేదు.

ఆ తలుపు మూసి ఉంటే మరో దారి చూడాలి. నేరం ఎక్కడ జరిగినా విచారించే అధికారాన్ని కొన్ని దేశాలు తమ కోర్టులకు ఇచ్చాయి. సిరియా నిర్బంధ కేంద్రంలో జరిగిన చిత్రహింసలకు బాధ్యుడైన అన్వర్ రస్లాన్‌కు జర్మనీలోని కోబ్లెంజ్ కోర్టు 2022 జనవరిలో యావజ్జీవ శిక్ష విధించింది ఈ అధికారంతోనే. మన దేశంలో దారి చాలా ఇరుకు. జాతి నిర్మూలన ఒప్పందాన్ని భారత్ 1959లోనే ధ్రువీకరించినా, దానికి తగిన నేర చట్టం చేయలేదు. ఆ లోటును ఢిల్లీ హైకోర్టు 2018 డిసెంబరులో, 1984 సిక్కుల ఊచకోతకు సంబంధించిన సజ్జన్ కుమార్ కేసు తీర్పులో సూటిగా ఎత్తిచూపింది. యుద్ధ నియమాలకు సంబంధించిన 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ఉంది గాని, ప్రభుత్వమో, అది అధికారమిచ్చిన అధికారో ఫిర్యాదు చేస్తే తప్ప కోర్టు ఆ కేసును స్వీకరించదు. ఇది మారి తీరాలని నా దృఢమైన అభిప్రాయం.

మొదటి రోజే అంతా అడగవద్దు

సాక్షి చెప్పడం మొదలుపెట్టగానే పూర్తి వాంగ్మూలం రాసేయాలని మనకు అనిపిస్తుంది. ఆ పని చేయవద్దు. ఏజెంటుపై కేసులో పోలీసుల ముందు ఒకసారి, విలేకరి ముందు ఒకసారి, మన ముందు ఒకసారి వివరంగా చెప్పిన మనిషి, చివరకు దర్యాప్తు అధికారి ముందు చెప్పేటప్పుడు ఏదో ఒక చిన్న తేడా వచ్చి తీరుతుంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో దానినే పట్టుకుంటారు. మొదటి సమావేశంలో అతను ఎవరు, ఎప్పుడు ఎక్కడ ఉన్నాడు, స్వయంగా చూశాడా లేక విన్నాడా, అతనికి గాని కుటుంబానికి గాని ఇప్పుడు ప్రమాదం ఉందా, వైద్యం అవసరమా అన్నంత వరకు రాసుకుంటే చాలు. లైంగిక హింసకు గురైనవారి విషయంలో ఈ నిగ్రహం మరింత అవసరం. సాక్షులను వెతికి పెట్టే మధ్యవర్తులను కూడా దూరంగా ఉంచాలి. ద హేగ్ న్యాయస్థానం ఇచ్చిన తొలి తీర్పు, కాంగో సాయుధ దళ నాయకుడు థామస్ లుబాంగాపై 2012 మార్చి 14 నాటి తీర్పు, దర్యాప్తు పనిని మధ్యవర్తులకు వదిలివేసినందుకు ప్రాసిక్యూషన్‌ను తప్పుపట్టింది. బాల సైనికులమని చెప్పిన పలువురి సాక్ష్యాన్ని పక్కన పెట్టింది.

పూర్తి వాంగ్మూలం తప్పనిసరైనప్పుడు, అంటే సాక్షి మళ్లీ విదేశానికి వెళ్లిపోతున్నప్పుడో, ఆరోగ్యం క్షీణిస్తున్నప్పుడో, ప్రశ్నలో జవాబు పెట్టకుండా అడగాలి. "అతని చేతిలో తుపాకీ ఉందా?" అని కాదు, "అతని చేతిలో ఏముంది బాబూ?" అని అడగాలి. తేదీ గుర్తులేదన్నప్పుడు మనం ఒక తేదీని అందించకూడదు. మన ప్రాంతపు మనిషికి ఇంటి దగ్గరి సంఘటనలే క్యాలెండరు. "తిత్లీ వచ్చిన మర్నాడండి, ఇంటికి ఎంత చేసినా ఫోన్ కలవలేదు, ఆ సాయంత్రమే చూశాను" అని అతను అంటే, తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11న తీరం దాటింది గనుక, మనకు గట్టి ఆధారం దొరికినట్లే. అయితే వాంగ్మూలంలో అతని మాటను ఉన్నదున్నట్లు రాసి, తేదీని మనం లెక్కకట్టినట్లుగా విడిగా పేర్కొనాలి. పాస్‌పోర్టులోని ముద్రలు, హాజరు కార్డు, ఇంటికి డబ్బు పంపిన రసీదులు ఆ లెక్కను బలపరుస్తాయి. వాటిలో ఏదీ చిన్న కాగితం కాదు.

తుపాకీ పట్టినవాడి వెనుక ఎవరు

ఒక హత్య దానంతట అదే అంతర్జాతీయ నేరం కాదు. మానవత్వంపై నేరమనాలంటే అది పౌరులపై విస్తృతంగా గాని, ఒక పద్ధతి ప్రకారం గాని సాగిన దాడిలో భాగమై ఉండాలి, నిందితుడికి ఆ దాడి సంగతి తెలిసి ఉండాలి. ఒక్క సాక్షి దీనంతటినీ రుజువు చేయలేడు. కానీ అతను అనవసరమనుకుని వదిలేసే వివరాలే ఇక్కడ పనికివస్తాయి: దుస్తుల రంగు, భుజం మీది గుర్తు, వాహనం మీద రాసిన అక్షరాలు, వైర్‌లెస్‌లో ఎవరు ఎవరితో మాట్లాడారు, ఎవరు రాగానే మిగిలినవారు లేచి నిలబడ్డారు, భోజనం ఎక్కడి నుంచి వచ్చేది, ఇటువంటిదే పక్క ఊరిలోనూ జరిగిందా. అక్షరాలు చదవలేకపోతే బొమ్మ గీయమనండి, అతని చేతనే సంతకం చేయించండి.

పై అధికారి బాధ్యతకు మరో ప్రశ్న ఉంది. తన కింది బలగాలు నేరం చేస్తున్నాయని తెలిసి, లేదా తెలిసి ఉండవలసి ఉండి, ఆపడానికీ శిక్షించడానికీ తన చేతిలోని చర్యలు తీసుకోని సైనికాధికారి రోమ్ శాసనం 28వ అధికరణం కింద దోషి. కాంగో సాయుధ దళ అధినేత జాన్ పియర్ బెంబాను 2016లో ఈ పద్ధతిలోనే దోషిగా నిర్ధారించారు. తగిన చర్యలన్నీ తీసుకోలేదన్న నిర్ధారణలో లోపాలున్నాయంటూ 2018లో అప్పీలు ధర్మాసనం మెజారిటీతో నిర్దోషిగా విడుదల చేసింది. కాబట్టి ఘటన తరువాత ఏం జరిగిందో కూడా అడగాలి. పెద్ద అధికారి వచ్చాడా, ఎవరినైనా మందలించాడా, శవాలను ఎవరు తీయించారు, ఎవరైనా విచారణకు వచ్చారా? కాల్పుల దృశ్యం చెప్పి సాక్షి ఆగిపోతాడు. కేసుకు అవసరమైన సగం విషయం ఆ తరువాతి వారం రోజుల్లో ఉంటుంది.

ఫోన్‌లో ఉన్నది ఫోన్‌లోనే ఉండనివ్వాలి

వీడియో ఉందని సాక్షి చెబితే వాట్సాప్‌లో పంపమనవద్దు. అలా పంపినప్పుడు ఫైలు కుదించుకుపోతుంది, తీసిన సమయం, స్థలం వంటి అంతర్గత వివరాలు పోతాయి. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి అసలు ఫైలును యథాతథంగా కాపీ చేసి, ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో హ్యాష్ విలువను (ఫైలు ఏమాత్రం మారినా మారిపోయే గుర్తు సంఖ్యను) లెక్కించి రాసుకోవాలి. ఎవరు, ఎప్పుడు, ఏ పరికరం నుంచి కాపీ చేశారో, తరువాత అది ఎవరి చేతికి వెళ్లిందో ఒక కాగితం మీద వరుసగా నమోదు చేయాలి. మన కోర్టుల్లో భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రంలో హ్యాష్ విలువను ఎలాగూ పేర్కొనాలి. వీడియోలకు ఎంత బలముందో తెలియాలంటే లిబియాకు చెందిన కమాండర్ మహ్మూద్ అల్-వర్ఫల్లీపై ద హేగ్ న్యాయస్థానం 2017లో జారీ చేసిన అరెస్టు వారంటును చూడాలి. సామాజిక మాధ్యమాల్లో వచ్చిన కాల్చివేతల వీడియోలు దానికి ముఖ్య ఆధారాల్లో ఉన్నాయి.

సమాచారాన్ని ద హేగ్‌లోని ప్రాసిక్యూటర్ కార్యాలయానికి ఎవరైనా పంపవచ్చు. రోమ్ శాసనం 15వ అధికరణం అందుకు వీలు కల్పిస్తుంది, 2023 నుంచి ఓటీపీలింక్ అనే ఆన్‌లైన్ వేదిక కూడా ఉంది. మొదటే మొత్తం వాంగ్మూలాన్ని పంపకుండా, ఎటువంటి సాక్ష్యం మన దగ్గర ఉందో ఇంగ్లీషులో క్లుప్తంగా తెలపడం మంచిది. వాదన రాయవద్దు, విశేషణాలు వద్దు. సాక్షి పేరు వెల్లడించడానికి అతని సమ్మతిని విడిగా, రాతపూర్వకంగా తీసుకోవాలి. ఆ సమ్మతిని తరువాత వెనక్కి తీసుకోవచ్చని కూడా అతనికి చెప్పాలి. పరిహారం వస్తుందని గాని, విదేశీ వీసా వస్తుందని గాని ఆశ పెట్టకూడదు. అటువంటి మాట ఒక్కటి బయటపడితే అతని సాక్ష్యం మొత్తం అనుమానాస్పదమవుతుంది.

జవాబు రావడానికి ఏళ్లు పట్టవచ్చు, రాకపోవచ్చు కూడా. ఈలోగా ఆ మనిషి మరో వీసా మీద మరో దేశానికి వెళ్తాడు, సిమ్ మారుతుంది, ఇల్లు మారుతుంది. అందుకే అతని తల్లిదో, భార్యదో, ఊరిలో స్థిరంగా ఉండే బంధువుదో నంబరు రాసి, వాంగ్మూలంతో కలపకుండా వేరే కవరులో పెట్టి సీలు వేయాలి. ఫోన్ చేసినప్పుడు కేసు సంగతి ఎత్తకుండా కుశలం మాత్రమే అడగాలి.