నూర్‌బర్గ్‌రింగ్‌లో డ్రైవింగ్: హైదరాబాద్ కార్ క్లబ్ ట్రిప్‌ని ఎలా ప్లాన్ చేయాలి?

ఆదివారం తెల్లారకముందే ఓఆర్ఆర్ ఎక్కి, వికారాబాద్ దాకా వెళ్లి టిఫిన్ చేసి వచ్చే క్లబ్‌లన్నింటిలోనూ ఈ ప్రస్తావన ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది: జర్మనీ వెళ్లి నూర్‌బర్గ్‌రింగ్‌లో నడుపుదామా? నడపొచ్చు. ఐఫెల్ కొండల్లో 1927లో మొదలైన ఈ రేసు సర్క్యూట్‌లో పాత భాగమైన నార్డ్‌ష్లైఫ పొడవు 20.8 కిలోమీటర్లు. 70కి పైగా మలుపులు, అడుగు నుంచి పై అంచుకి దాదాపు 300 మీటర్ల ఎత్తు తేడా. రేసులు, కార్ల కంపెనీల టెస్టింగ్ లేని వేళల్లో ల్యాప్‌కింత అని డబ్బు కట్టి మామూలు జనం కూడా లోపలికి వెళ్లొచ్చు. రేసింగ్ లైసెన్సు అడగరు, రోడ్డు మీద నడిపే లైసెన్సు ఉంటే చాలు.

అంత తేలిగ్గా రానిస్తున్నారు కదా అని ఏర్పాట్లు కూడా తేలిగ్గా చేసుకుంటే మాత్రం ఖర్చు మామూలుగా ఉండదు. ఆరు నెలల ముందు నుంచి ఏది ఎప్పుడు చేయాలో వరసగా చూద్దాం.

1. ముందు ట్రాక్ క్యాలెండర్, తర్వాతే విమానం టికెట్

చాలా గ్రూపులు చేసే మొదటి తప్పు ఆఫీసు సెలవుల్ని బట్టి తేదీలు ఖాయం చేసేయడం. ట్రాక్ మీ సెలవుల కోసం తెరిచి ఉండదు. పబ్లిక్ డ్రైవింగ్ వేళల్ని అక్కడ 'టూరిస్టెన్‌ఫార్టెన్' అంటారు. సీజన్ మార్చి నుంచి నవంబరు ప్రాంతం వరకు. మామూలు రోజుల్లో ఎక్కువగా సాయంత్రం రెండు గంటల పాటు మాత్రమే, శని ఆదివారాల్లో ఎక్కువ సేపు తెరుస్తారు. రేసు ఉన్న రోజు ఆ అవకాశం తగ్గిపోతుంది, కొన్నిసార్లు అసలు ఉండదు. ఏ రోజు ఎన్ని గంటలకో సర్క్యూట్ అధికారిక వెబ్‌సైట్‌లో ఉంటుంది. దాన్ని పక్కన పెట్టుకునే విమానం టికెట్లు వెతకండి.

మే నుంచి సెప్టెంబరు వరకు మంచి కాలం. ఏప్రిల్‌లో మంచు పడినా అక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు. గుడ్ ఫ్రైడే రోజున యూరప్‌లోని కార్ల పిచ్చోళ్లంతా అక్కడే ఉంటారు, కొత్తవాళ్లు ఆ రోజు జోలికి వెళ్లొద్దు. 24 గంటల రేసు జరిగే వారంలో చుట్టుపక్కల గది దొరకడం కూడా కష్టం. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి, మంగళ బుధవారాల్లో సాయంత్రం సెషన్లున్న వారాన్ని ఎంచుకుంటే రద్దీ తక్కువ.

ఒక్క రోజునే నమ్ముకుని వెళ్లకండి. యాక్సిడెంట్ అయితే ట్రాక్ మూసేస్తారు, అరగంట పట్టొచ్చు, గంటన్నర పట్టొచ్చు. పొగమంచు దిగినా అంతే. రెండు గంటల సెషన్‌లో గంటన్నర పోతే మిగిలేది క్యూలో నిలబడటమే. కనీసం మూడు సెషన్లు పడేలా, మధ్యలో ఒక ఖాళీ రోజుతో, ప్లాన్ ఉండాలి.

2. కాగితాలు: అసలు చిక్కు పేర్లతోనే

షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు చేయొచ్చు. ఫీజు పెద్దలకు 90 యూరోలు, దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ సంస్థ సర్వీసు చార్జీ అదనం. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, ఒక్కోసారి 45 రోజుల దాకా. ఎండాకాలం సెలవుల ముందు అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం కాబట్టి మూడు నెలల ముందే పట్టుకోండి. తిరుగు ప్రయాణం తేదీ తర్వాత మూడు నెలలైనా చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు, అందులో రెండు ఖాళీ పేజీలు, 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ మెడికల్ ఇన్సూరెన్సు తప్పనిసరి. ఆ పాలసీలో మినహాయింపుల పేజీ చదవండి. మోటార్ స్పోర్ట్స్, స్పీడ్ టెస్టులు కవర్ కావని చాలా పాలసీల్లో రాసి ఉంటుంది. కంపెనీకి మెయిల్ పెట్టి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి.

వీసా చేతికొచ్చాక ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి. ఆర్టీఏలో ఇస్తారు, ఏడాది చెల్లుతుంది. లైసెన్సు, పాస్‌పోర్టు, వీసా కాపీలు అడుగుతారు. లైసెన్సు మీద ఇంకా గుంటూరో కరీంనగరో పాత అడ్రస్ ఉన్నవాళ్లు ముందే సరిచేసుకోండి, చివరి వారంలో ఖైరతాబాద్ ఆర్టీఏ చుట్టూ తిరిగే ఓపిక ఎవరికీ ఉండదు. జర్మనీలో పర్మిట్ ఒక్కటే చూపిస్తే చెల్లదు, ఒరిజినల్ లైసెన్సు కార్డు కూడా చేతిలో ఉండాలి.

ఇక పేర్ల సంగతి. మన దగ్గర లైసెన్సు మీద 'కె. వెంకట రమణ', పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా విడదీసి 'కొత్తపల్లి వెంకట రమణ', క్రెడిట్ కార్డు మీద 'రమణ కె.వి.' ఉండటం మామూలే. మనకి ముగ్గురూ ఒకరే. ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టులో కారు తాళాలిచ్చే కౌంటర్‌లోని మనిషికి ముగ్గురూ వేరు. డ్రైవర్లుగా పేరు ఇచ్చే ప్రతి ఒక్కరి లైసెన్సు, పాస్‌పోర్టు, క్రెడిట్ కార్డు మూడూ ఒకే టేబుల్ మీద పెట్టి సరిచూడండి. తేడా ఉంటే కార్డు మీద పేరు మార్పించడమే అన్నిటికంటే త్వరగా అయ్యే పని.

3. రోడ్డు కారు వేరు, ట్రాక్ కారు వేరు

ఈ గైడ్‌లో ఒక్క విషయమే గుర్తుంచుకుంటామంటే ఇది గుర్తుంచుకోండి. ఎయిర్‌పోర్టులో తీసుకున్న అద్దె కారుని ట్రాక్ మీదికి తీసుకెళ్లొద్దు. మామూలు అద్దె కంపెనీల ఒప్పందాల్లో రేస్ ట్రాక్ మీద నడపడం నిషేధమని రాసి ఉంటుంది, కొన్నింటిలో నార్డ్‌ష్లైఫ పేరు పెట్టి మరీ. గీత పడినా ఇన్సూరెన్సు చెల్లదు, కారు మొత్తం విలువ మీ నెత్తిన పడుతుంది. అద్దె కార్లు గేటు దగ్గర ఇట్టే కనపడతాయి, ఎవరూ చూడరులే అనుకోవద్దు.

ఎనిమిది మంది గ్రూపు అనుకుందాం. ఎయిర్‌పోర్టు నుంచి తొమ్మిది సీట్ల వ్యాన్ ఒకటి తీసుకుంటే మనుషులు పడతారు, సూట్‌కేసులు పట్టవు. రెండు ఎస్టేట్ కార్లు (వెనక డిక్కీ పొడవుగా ఉండేవి), కారుకి నలుగురు, ఇద్దరేసి రిజిస్టర్డ్ డ్రైవర్లు అయితే సరిగ్గా సరిపోతుంది. ఆటోమేటిక్ అని బుకింగ్‌లోనే స్పష్టంగా అడగండి. అక్కడ స్టీరింగ్ ఎడమ వైపు, గేర్ కుడి చేత్తో. రోడ్డుకి కుడి పక్కన నడపడానికి తోడు ఆ పని కూడా ఎందుకు?

ట్రాక్ కారుని నూర్‌బర్గ్ ఊళ్లోనే, దీనికోసమే ఉన్న అద్దె సంస్థల దగ్గర బుక్ చేయండి. రోల్ కేజ్ (బోల్తా పడినా కాపాడే ఇనుప చట్రం), ఒంటిని కదలకుండా పట్టి ఉంచే బకెట్ సీట్లు, మంచి బ్రేక్ ప్యాడ్లు వేసిన చిన్న హ్యాచ్‌బ్యాక్‌ల నుంచి పోర్షే దాకా ఉంటాయి. మొదటిసారి వెళ్లేవాళ్లకు స్విఫ్ట్ స్పోర్ట్ స్థాయి కారు చాలు. ఇంట్లో బీఎండబ్ల్యూ ఉన్నవాళ్లు ముఖం చిట్లిస్తారు గానీ, మొదటి రోజు మీరు అద్దంలో చూసుకుంటూ పక్కకి తప్పుకోవడమే ఎక్కువ, బలమైన ఇంజన్ ఉండి ప్రయోజనం లేదు.

బుక్ చేసేముందు నాలుగు ప్రశ్నలు మెయిల్‌లో అడగండి. ప్యాకేజీలో ఎన్ని ల్యాపులు, పెట్రోలు కలిపేనా? యాక్సిడెంట్ అయితే మా వాటా గరిష్టంగా ఎంత, దాన్ని తగ్గించే ఆప్షన్ ఉందా? ఆ పరిమితిలో గార్డ్‌రైల్ (ట్రాక్ పక్కనుండే ఇనుప రైలింగ్) మరమ్మతు, కారుని ఎత్తుకొచ్చే ట్రక్కు చార్జీలు కలుస్తాయా? ఇద్దరు డ్రైవర్లు పంచుకోవచ్చా? మూడో ప్రశ్నకి జవాబు చాలా ముఖ్యం. కారు బారియర్‌కి తగిలితే రైలింగ్ బిల్లు, రికవరీ బిల్లు డ్రైవర్‌కే వస్తాయి, కారు రిపేరు ఖర్చు వాటికి అదనం.

4. డబ్బు

ల్యాప్ టికెట్ 2024 సీజన్‌లో మామూలు రోజుల్లో 30 యూరోలు, శుక్రవారం నుంచి ఆదివారం వరకు 35 యూరోలు ఉంది. ఇది మారుతూ ఉంటుంది. మొదటిసారికి మనిషికి నాలుగు ల్యాపులు చాలు. డబ్బుంది కదా అని పది ల్యాపుల ప్యాకేజీ కొనొద్దు, ఐదో ల్యాపుకి మెదడు అలసిపోతుంది, తప్పులు అప్పుడే మొదలవుతాయి.

అసలు అడ్డం పడేది డిపాజిట్. కార్ల కంపెనీలు ప్రధాన డ్రైవర్ పేరు మీదున్న క్రెడిట్ కార్డునే అడుగుతాయి, ఫోరెక్స్ కార్డుని, డెబిట్ కార్డుని చాలా చోట్ల తీసుకోరు. ట్రాక్ కారు డిపాజిట్ కొన్ని వేల యూరోలు ఉండొచ్చు, ఆ మొత్తం తిరిగొచ్చేదాకా కార్డు లిమిట్‌లో బ్లాక్ అయి ఉంటుంది. అందుకే రోడ్డు కారు ఒకరి కార్డు మీద, ట్రాక్ కారు ఇంకొకరి కార్డు మీద. ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసి, లిమిట్ పెంచుకుని బయల్దేరండి. ఓటీపీ ఇండియా నంబరుకే వస్తుంది కాబట్టి రోమింగ్ కూడా.

యాక్సిడెంట్ అయితే ఖర్చు ఎవరిది అనేది విమానం ఎక్కకముందే రాసుకోండి. నడిపినవాడిదేనా, కారు పంచుకున్న అందరిదా? స్నేహాలు చెడేది ఇక్కడే. వాట్సాప్ గ్రూపులో అందరి చేతా 'ఓకే' అనిపించుకోవడం కనీస జాగ్రత్త.

5. హైదరాబాద్‌లో ఉండగానే ప్రాక్టీసు

2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ (ఎలక్ట్రిక్ కార్ల) రేసు జరిగింది కానీ, అది మనం వెళ్లి నడిపే శాశ్వత సర్క్యూట్ కాదు. ప్రాక్టీసుకి పనికొచ్చేది చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టైలోని 3.7 కిలోమీటర్ల ట్రాక్. అక్కడ ఒక ట్రాక్ డే (డబ్బు కట్టి ట్రాక్ మీద నడిపే రోజు) చేసి రావడం పదివేల వీడియోలు చూడటం కంటే మేలు. మలుపు లోపల కాకుండా ముందే బ్రేక్ వేసి ముగించడం, వరసగా గట్టిగా బ్రేకులు వేస్తే ఏమవుతుందో కాలికి తెలియడం అక్కడ నేర్చుకోవాలి. బ్రేక్ ఫ్లూయిడ్ కాలక్రమంలో తేమ పీలుస్తుంది, బాగా వేడెక్కితే ఆ తేమ ఆవిరి బుడగలవుతుంది. బుడగలు అణిగిపోతాయి గనక పెడల్ మెత్తబడి కింది దాకా వెళ్తుంది, బ్రేక్ పడదు. చెన్నైకి సొంత కారు తీసుకెళ్తే ఫ్లూయిడ్ మార్పించాకే వెళ్లండి.

మలుపుల వరస నేర్చుకోవడానికి సిమ్యులేటర్ బాగా పనికొస్తుంది. అసెట్టో కోర్సా అనే కంప్యూటర్ గేమ్‌లో నార్డ్‌ష్లైఫని లేజర్ స్కాన్ చేసి పెట్టారు. అయితే ఎత్తుపల్లాల తీవ్రత తెర మీద తెలియదు, అది గుర్తుంచుకోవాలి.

6. దిగిన రోజు

హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి లుఫ్తాన్సా నేరుగా నడుపుతోంది. అక్కడి నుంచి సర్క్యూట్ సుమారు 160 కిలోమీటర్లు, దాదాపు రెండు గంటలు. రాత్రంతా విమానంలో ఉన్న మనిషి ఆ రెండు గంటలు రోడ్డుకి అలవాటు లేని పక్కన నడపకూడదు. పడుకుని దిగినవాడికే తాళాలు.

ఓఆర్ఆర్ మీద వేగం లేన్లు కుడి వైపు, జర్మనీలో ఎడమ వైపు. ఆటోబాన్‌లో (జర్మనీ హైవే) కుడి నుంచి ఓవర్‌టేక్ చేయడం నేరం. వేగ పరిమితి లేని చోట కూడా సిఫారసు వేగం 130. ఎడమ లేన్‌లోకి వచ్చేముందు అద్దంలో చిన్నగా కనపడే కారు మూడు సెకన్లలో మీ వెనక ఉంటుంది. ట్రాఫిక్ ఆగితే ఎడమ లేన్ వాళ్లు ఎడమకి, మిగతావాళ్లు కుడికి జరిగి మధ్యలో అంబులెన్సుకి దారి వదలాలి, అది చట్టం. ఊళ్లలో 50, చాలా చోట్ల 30, కెమెరాలు బోలెడు.

తిండి విషయం కూడా. ఆవకాయ, పొడులు పర్లేదు. నెయ్యి, కోవా స్వీట్లు, మాంసం పచ్చళ్లు యూరోపియన్ యూనియన్‌లోకి బయటి నుంచి తీసుకురానివ్వరు, పచ్చి కరివేపాకు కూడా. ఆదివారం దుకాణాలన్నీ మూసి ఉంటాయి, శనివారమే సరుకులు కొనేయండి. వంటగది ఉన్న ఇల్లు తీసుకుంటే హోటల్ కంటే సుఖం.

7. ట్రాక్ మీద

పబ్లిక్ వేళల్లో అది ఒకవైపు మాత్రమే వెళ్లే టోల్ రోడ్డు, జర్మనీ రోడ్డు చట్టమే వర్తిస్తుంది. ఓవర్‌టేక్ ఎడమ నుంచే. వెనక వేగంగా ఎవరైనా వస్తే కుడి ఇండికేటర్ వేసి, కుడి పక్కన నిలకడగా ఉండండి, వాళ్లే దాటుతారు. టైమ్ కొలవడం, పోటీ పడటం, వీడియో తీయడం నిషేధం. గోప్రో పెట్టి పట్టుబడితే ల్యాప్ డబ్బులు పోగా బయటికి పంపేస్తారు. క్లబ్ కార్లు ఒకదాని వెనక ఒకటి గుంపుగా వెళ్లకండి. ముందున్నవాడు తడబడితే వెనకవాడు తప్పించుకోలేడు.

మొదటి ల్యాప్ పక్కన ట్రాక్ తెలిసిన ఇన్‌స్ట్రక్టర్‌తో, వేగం గురించి ఆలోచించకుండా నడపండి. ఎక్కువమంది దెబ్బతినే చోటు అడెనావర్ ఫోర్స్ట్ అనే మెలికల వరస. దానికి ముందు ఫుక్స్‌రోర అనే దిగుడులో వేగం తెలియకుండానే పెరిగిపోతుంది. అడుక్కి రాగానే కారు నేలకి అదుముకుపోయి వెంటనే ఎక్కుడు మొదలవుతుంది, ఆ పైన ఉన్న మెలికలు దగ్గరికి వెళ్లేదాకా కనపడవు. అక్కడ చూసి బ్రేక్ వేద్దామనుకునేవాడు గడ్డిలోకి పోతాడు. ఎక్కుడు మొదలవగానే, ఏమీ కనపడకముందే, వేగం తగ్గించాలి. ఫ్లాన్‌త్స్‌గార్టెన్ అనే చోట గట్టు దాటుతుంటే టైర్ల మీద బరువు తగ్గుతుంది, స్టీరింగ్ తిప్పి ఉన్నప్పుడు గట్టు ఎక్కితే కారు గిర్రున తిరిగిపోతుంది. కరుసెల్ అనే మలుపులో కాంక్రీటు పలకల గుంటలోకి దిగి ఎక్కడం సరదాగానే ఉంటుంది, సస్పెన్షన్‌కి మాత్రం కాదు.

ఒక చివర ఎండగా ఉండి ఇంకో చివర వాన పడటం అక్కడ రోజువారీ సంగతి. తడిసిన రోజు మొదటి ల్యాపులు వదిలేసి ట్రాక్ పక్కన బ్రున్‌షెన్ అనే చోట నిలబడి చూడండి, ఎవరు ఎక్కడ జారుతున్నారో తెలుస్తుంది. పసుపు జెండా కనపడితే వేగం తగ్గించి, ఓవర్‌టేక్ ఆపేయాలి.

మీ కారుకే ఏదైనా అయి, కింద ఆయిలో కూలెంటో కారుతుంటే, గేటు దాకా నడిపేద్దాం అనుకోకండి. ఆ చారల మీద జారి వెనకొచ్చేవాళ్లకు జరిగే నష్టం మీ మీదికి వస్తుంది. వీలైనంత కుడికి తీసి ఆపి, హజార్డ్ లైట్లు వేసి, బారియర్ అవతలికి దూకి, ట్రాక్ ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేయండి. ఆ నంబరు ముందే ఫోన్లో ఉండాలి. ల్యాప్ అయ్యాక హ్యాండ్ బ్రేక్ లాగకుండా, గేర్‌లో వదిలి చల్లారనివ్వండి, మరిగిన డిస్కులకి ప్యాడ్లు అతుక్కుంటాయి.

8. వచ్చేశాక

ట్రాక్ కారు అప్పగించేటప్పుడు నాలుగు చక్రాలు, బంపర్లు, అండర్‌బాడీ వాళ్ల మనిషి ఎదురుగా ఫోటోలు తీసి, నష్టం లేదని సంతకం తీసుకోండి. రోడ్డు కారుకీ అంతే, కారు తిరిగిచ్చే చోట ఎవరూ లేకుంటే టైమ్ కనపడేలా వీడియో. డిపాజిట్ తిరిగి రావడానికి రెండు వారాల పైనే పట్టొచ్చు. స్పీడ్ కెమెరా జరిమానా ఉంటే అద్దె కంపెనీ మీ వివరాలు పోలీసులకి ఇచ్చి, ఆ పనికి తన ఫీజు కార్డు మీద వేస్తుంది, అసలు నోటీసు కొన్ని నెలలకి పోస్టులో ఇంటికి వస్తుంది. అందుకే ఎవరు ఏ రోజు ఏ రోడ్డు మీద నడిపారో కారులోనే చిన్న పుస్తకంలో రాసి పెట్టుకోండి. ట్రిప్ లెక్కల ఖాతాని ఆరు నెలల దాకా మూసేయకండి.