మురుగునీటిలో రేడియేషన్‌కి మోడల్ కట్టాలంటే ముందు స్లడ్జ్ లెక్క తేల్చండి

పైపుల మ్యాప్, పెద్ద సాఫ్ట్‌వేర్ తర్వాత చూసుకోవచ్చు. ముందు ఒక ఎక్సెల్ షీట్ తెరిచి మురుగునీటి శుద్ధి ప్లాంట్‌లోకి రోజుకి ఎన్ని బెక్వెరెల్‌లు (రేడియోధార్మికతకి కొలత, సెకనుకి ఒక పరమాణువు క్షీణిస్తే ఒక బెక్వెరెల్) వస్తున్నాయి, వాటిలో ఎన్ని నీళ్లతో పోతున్నాయి, ఎన్ని స్లడ్జ్‌లో (నీళ్లు శుద్ధి చేశాక మిగిలే బురదలో) ఆగిపోతున్నాయి, ఎన్ని వాటంతటవే క్షీణించిపోతున్నాయి అని రాసుకోండి. వచ్చిందానికీ, పోయినదానికీ, మిగిలినదానికీ లెక్క కుదరాలి, కుదరకపోతే మోడల్ ఎంత అందంగా ఉన్నా పనికిరాదు.

మామూలు రోజుల్లో సోర్స్ అంటే ఎక్కువగా న్యూక్లియర్ మెడిసినే, అంటే ఆసుపత్రుల్లో రేడియోధార్మిక మందులతో చేసే చికిత్సలు, స్కాన్‌లు. థైరాయిడ్ క్యాన్సర్‌కి ఇచ్చే అయోడిన్-131 హాఫ్ లైఫ్ (సగం క్షీణించడానికి పట్టే టైం) 8 రోజులు, స్కాన్‌లకి వాడే టెక్నీషియం-99ఎం ది 6 గంటలే, అంటే పైపుల్లో ప్రయాణం కొన్ని గంటలు పట్టినా అది బాగా తగ్గిపోతుంది. అణు ప్రమాదం జరిగినప్పుడు మాత్రం కథ వేరు. సీజియం-137 హాఫ్ లైఫ్ 30 ఏళ్లు, పైగా అది రోడ్ల మీద, పైకప్పుల మీద పడి వాన నీటితో కొట్టుకొస్తుంది. జపాన్‌లో ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాత 2011లో కోరియామా దగ్గరి ప్లాంట్ స్లడ్జ్‌లో కిలోకి 26,400 బెక్వెరెల్‌ల సీజియం తేలింది, ఆ స్లడ్జ్‌ని కరిగించగా వచ్చిన స్లాగ్‌లో ఏకంగా 3,34,000. అందుకే వాన నీళ్లు, మురుగు ఒకే పైపులో పోయే చోట వాన డేటా లేకుండా మొదలుపెట్టకండి, స్లడ్జ్‌ని కాలుస్తారా లేదా అన్నది కూడా తప్పకుండా కనుక్కోండి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. ఒక పేషెంట్ నుంచి రెండ్రోజుల్లో 300 కోట్ల బెక్వెరెల్‌ల అయోడిన్ డ్రైనేజీలోకి వచ్చిందనుకుందాం, అంటే రోజుకి 150 కోట్లు. ప్లాంట్‌కి రోజుకి 10 కోట్ల లీటర్లు వస్తే లీటరుకి 15 బెక్వెరెల్‌లు, చూడ్డానికి పెద్దగా ఏం లేదు. కానీ అందులో 10 శాతం స్లడ్జ్‌లోకి పోయి, రోజుకి 20 టన్నుల పొడి స్లడ్జ్ వస్తే కిలోకి 7,500! నీళ్లు మాత్రమే కొలిచేవాళ్లకి ఇది కనపడదు, స్లడ్జ్ దగ్గర నిలబడి పనిచేసే మనిషికి మాత్రం ఇదే అసలు సంగతి.

చాలామంది జారిపోయే చోటు డైజెస్టర్, అంటే స్లడ్జ్‌ని కొన్నాళ్లు ఉంచి బ్యాక్టీరియాతో కుళ్లబెట్టే ట్యాంకు. స్లడ్జ్ సగటున 20 రోజులు ఉంటుంది కదా అని 20 రోజుల క్షీణత వేసేస్తారు, అలా వేస్తే 18 శాతం అయోడిన్ మిగులుతుంది. కానీ బాగా కలిసే ట్యాంకులో నిన్న వచ్చింది కూడా ఇవాళ కొంత బయటికి పోతుంది కాబట్టి, మిగిలేది 1 / (1 + క్షీణత రేటు × సగటు రోజులు). అయోడిన్ క్షీణత రేటు రోజుకి 0.0864, దాన్ని 20తో గుణించి పెట్టండి, 37 శాతం వస్తుంది. రెట్టింపు తేడా అన్నమాట!

పైన 10 శాతం అన్నది ఉదాహరణకి పెట్టిన అంకె. సీజియం మట్టి రేణువులకి గట్టిగా పట్టుకుంటుంది, అయోడిన్ ఎక్కువగా నీళ్లలోనే ఉంటుంది, కాబట్టి వాటా ఒక్కో ప్లాంట్‌కి ఒక్కోలా ఉంటుంది. నీళ్లూ స్లడ్జూ రెండిటి శాంపిల్సూ ఒకే రోజు తీసుకుని గామా స్పెక్ట్రోమీటర్‌లో (ఏ రేడియోధార్మిక పదార్థం ఎంతుందో కొలిచే పరికరంలో) పెట్టించండి, ల్యాబ్ ఇచ్చిన అంకెని శాంపిల్ తీసిన టైంకి వెనక్కి సరిదిద్దండి. అదయ్యేదాకా 5, 10, 20 శాతం మూడూ పెట్టి నడిపి, ప్లాంట్ వాళ్లకి ఒక్క అంకె కాకుండా ఆ రేంజ్ మొత్తం ఇవ్వండి.