ఎలుగుబంటి ఫొటోలకు వెళ్తున్నారా? ముందు దానికి దారి వదలండి

మొన్న ఆదివారం నుంచి మా గ్రూపుల్లో ఒక వీడియో తిరుగుతోంది. జీడి తోటల మధ్య సన్నటి తారు రోడ్డు, సాయంత్రం వెలుగు ఇంకా పోలేదు, రోడ్డు మధ్యలో తల్లి ఎలుగు, దాని వీపు మీద పిల్ల. ఇటు నాలుగు బైకులు, అటు ఒక కారు, రెండు ఆటోలు. అందరి చేతుల్లో ఫోన్లే. ఎలుగు ఇటు నాలుగడుగులు వేస్తే హారన్ కొడుతున్నారు, అటు తిరిగితే అరుస్తున్నారు. చివరికి అది ఒక బైకు పక్క నుంచి తోటలోకి దూకింది, బైకు మీదున్న కుర్రాడు బెదిరి కిందపడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఎలుగు అతన్ని తాకనైనా తాకలేదు. కింద కామెంట్లలో మాత్రం అందరూ 'ఎలుగు దాడి' అనే రాశారు. నేను ఆ వీడియో పదిసార్లు చూశాను. అందులో దాడి లేదు. బయటపడదామని దారి వెతుక్కుంటున్న ఒక జంతువు ఉంది, ఆ దారిని రెండు వైపులా మూసేసిన మనుషులు ఉన్నారు.

నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పుట్టి పెరిగినవాణ్ని. పన్నెండేళ్లుగా కెమెరా పట్టుకుని ఈ తోటల్లో, మందస వైపు కొండల్లో తిరుగుతున్నాను. ఇప్పుడే ఇది రాయడానికి కారణం ఉంది. జీడిపిక్కల కాలం వచ్చేసింది, దాని వెనకే పనస పండుతుంది, కొండ మీద ఇప్పపువ్వు, తునికి పళ్లు రాలుతాయి. ఎలుగులు తిరిగే రోజులివి. పిల్లలకు సెలవులిచ్చే రోజులు కూడా ఇవే కాబట్టి విశాఖ నుంచి, బరంపురం నుంచి, ఒక్కోసారి హైదరాబాద్ నుంచి కూడా జనం కెమెరాలతో దిగుతున్నారు. రావద్దని అనను. చెత్త వెయ్యొద్దు, పాట పెట్టొద్దు, రాయి విసరొద్దు లాంటివి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. నేను చూసిన ప్రమాదాల్లో చాలావాటి వెనక ఒకే తప్పు ఉంది, దాని గురించే చెప్తాను.

ఆ తప్పు ఎలుగు పోయే దారిలో నిలబడటం.

ఎందుకో వివరంగా చెప్తాను, ఎందుకంటే కారణం అర్థం కాకపోతే మీరు ఈ మాట పట్టించుకోరు. మన ఎలుగుకు చూపు తక్కువ, చెవులు కూడా అంత చురుకు కాదు, దానికి అన్నీ ముక్కే. పుట్టలో మూతి పెట్టి చెదలు పీల్చేటప్పుడు అది చేసే చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది, ఆ చప్పుడులో మీరు వచ్చిన సంగతి దానికి తెలియదు. తల ఎత్తేసరికి మీరు పది అడుగుల దూరంలో ఉంటారు. జింకైతే ఎగిరి పారిపోతుంది. ఎలుగు పులుల మధ్య బతుకుతూ వచ్చిన జంతువు. పరుగులో పులిని దాటలేదు, చెట్టెక్కితే చిరుత కూడా ఎక్కగలదు, అందుకే దానికి అబ్బిన విద్య ఎదురుతిరిగి కొట్టడం. ముందుకాళ్ల గోళ్లు మూడంగుళాల వరకు ఉంటాయి. కొడితే తల మీద, ముఖం మీద కొడుతుంది. బతికి బయటపడ్డవాళ్లలో కన్ను పోయినవాళ్లను, దవడ మళ్లీ కుట్టించుకున్నవాళ్లను మా చుట్టుపక్కల ఊళ్లలో చూశాను, వాళ్లతో కూర్చుని మాట్లాడాను. వాళ్లలో ఫొటో కోసం వెళ్లినవాళ్లు ఎవరూ లేరు. అందరూ తెల్లారగట్ల తోటకు వెళ్లినవాళ్లే.

2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒక రైతు చనిపోయాడు, మరికొందరు గాయపడ్డారు. మత్తిచ్చి పట్టుకున్న ఎలుగు కూడా బతకలేదు. అంతకు నాలుగేళ్ల ముందు, 2018 మేలో, మనకు పొరుగునే ఉన్న ఒడిశా నవరంగపూర్ జిల్లాలో పెళ్లి నుంచి తిరిగి వస్తున్న ఒక డ్రైవరు గాయపడ్డ ఎలుగును చూసి సెల్ఫీ కోసం దగ్గరికి వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నాడు. గాయపడ్డదంటే కదల్లేదని అనుకోకండి. కదల్లేనిది మరింత గట్టిగా కొడుతుంది, దానికి వేరే దారి ఉండదు కాబట్టి.

దారి ఎలా మూస్తామంటే

రోడ్డు మీద రెండు వైపులా బండ్లు ఆపడం ఒకటి. ఇది అందరికీ కనిపిస్తుంది. రెండోది, ఎలుగుకు పొదకు మధ్య నిలబడటం. మా వైపు మొగలి డొంకలు దాని ఇల్లు. పగలంతా అక్కడే పడుకుని పొద్దుగూకాక బయటికొస్తుంది, కంగారు పడితే అక్కడికే పరుగెడుతుంది. డొంకకు వీపు పెట్టి ఫొటో తీస్తున్నారంటే మీరు దాని గుమ్మంలో నిలబడ్డారన్నమాట. తల్లికి పిల్లకు మధ్య ఉండటం కూడా ఇందులోదే. వీపు మీద ఒక పిల్ల కనిపిస్తే రెండోది ఎక్కడో వెనకుందనే అనుకోండి, ఎక్కువసార్లు ఈనికలో రెండు పుడతాయి.

మూడోది ఫొటోగ్రాఫర్లు మాత్రమే చేసేది, నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది కూడా ఇదే. ఎలుగు వెనక భాగం ఫొటోకు లైకులు రావు. అందుకని అది పోయే దిక్కు చూసుకుని, చుట్టూ తిరిగి ముందుకెళ్లి, కాలిబాట పక్కన కూర్చుని ఎదురు ముఖం కోసం కాచుకుంటారు. 2016లో నేనూ అదే చేశాను. గాలి దాని వైపు నుంచి నా వైపు వీస్తోంది, జింకల దగ్గర నేర్చుకున్న పద్ధతి అది, నా వాసన దానికి అందకూడదని. అది తల దించుకుని వస్తూనే ఉంది, ఎనిమిది అడుగుల దాకా వచ్చింది, లెన్సు ఇక ఫోకస్ కూడా పట్టలేదు. అప్పుడు వెనక కాళ్ల మీద లేచి నిలబడింది. నా వెనకున్న స్నేహితుడు గొంతు పెంచకుండా 'బావా, పక్కకు జరుగు' అన్నాడు. వెనక్కి పరుగెత్తమని అనలేదు, పక్కకు జరగమన్నాడు. కూర్చున్నవాణ్ని కూర్చున్నట్టే పక్కకు జరిగాను. అది దిగి, నేను ఒక్క క్షణం ముందు కూర్చున్న చోటు మీదుగానే నడుచుకుంటూ పోయింది. ఆ రోజు తీసిన ఫొటోలు ఇంతవరకు ఎవరికీ చూపించలేదు. జింకకు మీ వాసన తెలియకపోతే మంచి ఫొటో వస్తుంది. ఎలుగుకు మీ వాసన ముందే తెలియాలి, మీ మాట ముందే వినపడాలి, అప్పుడే అది మిమ్మల్ని తప్పించుకుని పోతుంది.

బయలుదేరే ముందు

ఊరివాళ్లతో మాట్లాడండి. ఈ వారం ఎటు తిరుగుతోంది, పిల్లలతో ఉందా, ఎవరి తోటలో పనసలు పగలగొట్టింది అనేది పిక్కలు ఏరే ఆడవాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. తోట యజమానిని అడక్కుండా తోటలో అడుగు పెట్టకండి. అభయారణ్యమైతే అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలికి పోవడం నేరం, ఎలుగు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1లో ఉన్న జంతువు.

మొదటిసారి వెళ్లేవాళ్లు మా తోటలకు కాదు, హంపి దగ్గరున్న దరోజీకి వెళ్లండి. 1994లో ఎలుగుల కోసమే పెట్టిన అభయారణ్యం అది. మధ్యాహ్నం సిబ్బంది రాళ్లకు బెల్లం పాకం పూస్తారు, ఎలుగులు గుట్ట దిగి వచ్చి నాకుతాయి, చూసేవాళ్లు దూరంగా వాచ్‌టవర్ మీద ఉంటారు. అక్కడ ఎలుగుకు ఎటు చూసినా దారే. అనంతపురం, కర్నూలు వాళ్లకు దగ్గర కూడా. అయితే అక్కడ చూసి వచ్చి ఇక్కడ రోడ్డు పక్కన బెల్లం పెట్టినవాళ్లున్నారు. ఆ పని చేశారంటే ఆ ఎలుగును మీరే చంపినట్టు, ఎందుకంటే రోడ్డుకు అలవాటు పడ్డది ఏదో ఒక రోజు లారీ కిందైనా పడుతుంది, ఊళ్లోకైనా వస్తుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లు వేసవిలో ఎల్లోస్టోన్ వెళ్తుంటారు కదా, అక్కడ ఎలుగుకు 100 గజాల లోపు పోకూడదని నిబంధన ఉంది. మన తోటల్లో అలాంటి గీత ఎవరూ గీయలేదు, మీరే గీసుకోవాలి. నేను కూడా ఆ 100 గజాలే పాటిస్తున్నాను.

కనిపించాక

కారులో ఉంటే కారులోనే ఉండండి. ఎలుగు రోడ్డు దాటుతుంటే మీ వెనకొచ్చే బండ్లను ఆపండి, ఎదుటివైపు వాళ్లకు లైటు వేసి కాదు, చెయ్యి ఊపి ఆగమనండి. అది దిగే వైపు, ఎక్కే వైపు రెండూ ఖాళీగా ఉండాలి. అవతలి వైపు ఎవరైనా నిలబడి ఉంటే మీరు ఫొటో తీయడం ఆపి వాళ్లను పక్కకు పిలవండి. వాళ్లు టూరిస్టులు, మీరు ఫొటోగ్రాఫరు అని తేడా ఏమీ లేదు, అక్కడ ముందు తెలిసినవాళ్లు చెప్పాలి.

కాలినడకన ఉంటే పరుగెత్తకండి. అది మీకంటే వేగంగా పరుగెత్తుతుంది, చెట్టు మీకంటే బాగా ఎక్కుతుంది. మామూలు గొంతుతో మాట్లాడుతూ వెనక్కి, పక్కకు జరగండి, దాని ముఖం ఎటుందో ఆ గీతలోంచి తప్పుకోండి. మీద పడిందంటే బోర్లా పడుకుని రెండు చేతులూ మెడ వెనక పెనవేసి ముఖం నేలకేసి దాచుకోండి, అది వెళ్లిపోయిందని నమ్మకం కుదిరేదాకా లేవకండి. గీత పడినా, కరిచినా 108కి ఫోన్ చెయ్యండి, గాయం సబ్బుతో బాగా కడగండి, రేబిస్ టీకా వేయించుకోండి. చిన్న గీతే కదా అని ఊరుకోకండి.

ఇక మిగిలినవి వరసగా రాస్తున్నాను.

- ఫ్లాష్ వద్దు. ఫోకస్ బీప్ ఆపేయండి.
- నల్ల బొచ్చు ముద్దలా వస్తోందని దగ్గరికి పోతారు. దగ్గరికి పోతే వెలుగు పెరగదు. కెమెరాలో ఐఎస్ఓ (తక్కువ వెలుగులో ఫొటో తెల్లగా రావడానికి వాడే సెట్టింగు) పెంచండి.
- లెన్సు చాలకపోతే ఆ రోజుకు ఫొటో లేదు, అంతే.
- డ్రోన్ ఎగరేయకండి. ఆ మోతకు తల్లి పిల్లల్ని వదిలి పరుగెత్తడం కళ్లారా చూశాను.
- గుహ ముందు, రాతి పగుళ్ల ముందు నిలబడకండి. లోపల ఏదీ లేదని మీకెవరు చెప్పారు?
- ఒంటరిగా వెళ్లకండి. గుంపుగా కూడా వెళ్లకండి. ముగ్గురు చాలు.
- పొద్దుగూకాక తోటల్లో కాలినడక వద్దు.
- కుక్కను తీసుకెళ్లకండి. ఎలుగును రెచ్చగొట్టి తిరిగి మీ కాళ్ల దగ్గరికే వస్తుంది.
- శ్రీశైలం వైపు శిఖరేశ్వరం దగ్గర, తిరుమల నడకదారిలో కనిపిస్తే ప్రసాదం, కొబ్బరి చిప్ప విసరకండి. శివరాత్రికి నల్లమల దారిలో నడిచేవాళ్లు గుంపు విడిచి పొదల చాటుకు ఒంటరిగా పోకండి.
- పిల్లల్ని భుజానెక్కించుకుని చూపించకండి.
- లైవ్ పెట్టకండి. పది నిమిషాల్లో పాతిక బైకులు వస్తాయి, దారి మళ్లీ మూసుకుపోతుంది.
- ఫొటోకు లొకేషన్ తీసేయండి. ఊరి పేరు, తోట పేరు, బోరు పక్కన, గుడి వెనక అని ఏదీ రాయకండి.
- 'ఎలుగు దాడి' అని రాయకండి, దాడి జరగనప్పుడు. ఆ మాట చదివి కర్రలు పట్టుకుని బయల్దేరేవాళ్లున్నారు.
- ఎలుగు వెనక తరమకండి. ఇంకొక్క ఫొటో అని అనకండి. అది తిరిగి చూసిందంటే మీరు ఇప్పటికే ఎక్కువ దూరం వచ్చేశారు.
- దారి మూయకండి. ముందు నుంచి మూయకండి, పక్క నుంచి మూయకండి, బండితో మూయకండి, మనుషులతో మూయకండి.
- ఎవరైనా మూస్తుంటే గొడవైనా సరే చెప్పండి.
- చీకటి పడేసరికి అది ఏ డొంకలోకి దూరిందో మీకు తెలుసు, తెల్లారి నాలుగింటికి పిక్కలు ఏరడానికి వచ్చే ఆమెకు తెలియదు. ఇంటికి పోయి ఫొటోలు చూసుకునే ముందు ఆ తోట వాళ్లకు ఫోన్ చేసి చెప్పండి.